కనపడలేదని చెప్పిన అక్క

మొన్న వేసవిలో నూజివీడులోని ఒక ఫంక్షన్ హాల్లో మా దగ్గర బంధువులమ్మాయి పెళ్ళికి వెళ్ళాను. పంతులుగారు వధూవరులిద్దరినీ ఆరుబయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు చెయ్యి చూపిస్తే, ఫొటోల వాళ్ళ లైట్లు కళ్ళలో పడుతుండగా ఆ పిల్లలు కెమెరా వాళ్ళు చెప్పిన వైపు తలలెత్తి, అరుంధతి కనిపించిందని నవ్వుతూ చెప్పారు. అందరూ చెప్పేదే, మన తరం వాళ్ళమూ చెప్పినదే. చుట్టూ జనం చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం వెనక్కి వచ్చి ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. అలాంటి వేళ కనపడలేదని నిజం చెప్పిన పెళ్ళికూతుర్ని నా ఎరుకలో ఒక్కరినే చూశాను. ఆవిడ మా అక్క.

మాది చాట్రాయి దగ్గర మామిడి తోట. కాయ ముదిరే రోజుల్లో ఇంటిల్లిపాదీ తోటలోని పాకకి మకాం మార్చేవాళ్ళం. అక్కడ కరెంటు లేదు. చీకటి పడిందంటే చెట్ల మధ్య ఖాళీల్లోంచి చుక్కలు ఎంత దగ్గరగా కనిపించేవంటే, నాకు చిన్నప్పుడు అవి కూడా మా తోటలోవే అనిపించేది. స్కూలు లైబ్రరీలో దొరికిన ఒక అట్ట ఊడిన పుస్తకం చదివి అక్క వాటి పేర్లన్నీ నేర్చుకుంది, నాకూ నేర్పింది. బట్టల కొట్టులో తానులు చుట్టి వచ్చే అట్టగొట్టం, కళ్ళజోళ్ళ షాపులో బతిమాలి తెచ్చుకున్న ఒక అద్దం, గడియారాలు బాగుచేసే ఆయన పారేయబోయిన భూతద్దం కలిపి ఒక దుర్భిణి తయారుచేసింది. ఒక సాయంత్రం నాన్న అందులోంచి చంద్రుణ్ణి చూసి, “మచ్చకాయలా ఉన్నాడేంటే, బజార్లో పెడితే ఎవడూ కొనడు” అని తెగ నవ్వాడు. గురుడి పక్కన చిన్న చిన్న చంద్రుల్ని మొదటిసారి చూసిన రోజు అక్క అన్నం తినడం కూడా మరిచిపోయింది.

ఆ తర్వాతి వేసవికి అక్కలో ఏదో తేడా వచ్చింది. గొట్టం నన్నే గురిపెట్టమనేది, నేను పెట్టాక చూసేది. సందెవేళ నులకమంచాల కోళ్ళకి తట్టుకునేది, కాయల గంపల మీద పడేది. ఆకాశం మసగ్గా ఉందని విసుక్కుంటే కాబోలనుకునేదాన్ని. ఒకనాడు వాన వెలిసి ఆకాశం కడిగినట్టున్న సాయంత్రం, ఎంత మబ్బు పట్టిందో అంది. మబ్బెక్కడిదక్కా, నిండా చుక్కలే కదా అన్నాను. నా చెయ్యి పట్టుకుని పాకలోకి నడిపించమంది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ తెలుస్తుంది.

బెజవాడలో కళ్ళ డాక్టరు చాలాసేపు పరీక్ష చేసి, మీది మేనరికమా అని నాన్నని అడిగాడు. నాన్న తలూపాడు. దీనికి మందు లేదనీ, ముందు చీకట్లో చూపు పోతుందనీ, తర్వాత పగటి చూపు కూడా చుట్టూ అంచుల నుంచి మూసుకుపోతుందనీ చెప్పాడు. అక్క అడిగింది ఒక్కటే.

“చుక్కలు ఇంక కనపడవాండీ?”

“చుక్కల సంగతి తర్వాతమ్మా, నడిచే దారి చూసుకో” అన్నాడాయన. తిట్టినట్టు కాదు, జాలిగానే అన్నాడు.

మా వాళ్ళు భయంతో తొందరపడ్డారు. పగలు బాగానే కనపడుతోంది కదా అని అమ్మ తనకి తానే సర్దిచెప్పుకుని, మైలవరం వైపు సంబంధం ఖాయం చేసింది. ఎవరితోనూ అనొద్దని అక్క చేత ఒట్టు వేయించుకుంది. పెళ్ళినాటి రాత్రి పంతులుగారు ఆకాశం చూపించి, “అరుంధతి కనిపించిందామ్మా?” అని అడిగారు. ఆ చుక్క ఎక్కడుంటుందో అక్క కళ్ళు మూసుకుని చూపించగలదు. కనిపించిందంటే సరిపోయేది.

“లేదండీ” అంది అక్క, అందరికీ వినపడేలా. “ఒక్క చుక్కా కనపడటం లేదు. చీకటి పడితే నాకేమీ కనపడదండీ.”

అందరూ ఘొల్లుమని నవ్వారు. “పెళ్ళికొడుకు కనపడుతున్నాడా, అది చాల్లే!” అన్నారెవరో. బావ కూడా నవ్వాడు. పంతులుగారు నవ్వుతూనే దణ్ణం పెట్టించేశారు. నాన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క తలెత్తి అలాగే చూస్తోంది.

ఏడాది తిరక్కుండానే, అక్క సందెవేళ గంజి వార్చబోయి చేతులు కాల్చుకున్నాక అత్తవారికి సంగతి తెలిసిపోయింది. చేతులకి కట్లతోనే అక్కని పుట్టింటికి పంపేశారు. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం బావ ఒక్కడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మా వాళ్ళు మోసం అంటున్నారండీ” అన్నాడు నాన్నతో.

లోపలి నుంచి అక్క, “నేను ఆ రోజే చెప్పాను కదండీ” అంది.

“నవ్వులాటకి అన్నావనుకున్నా” అన్నాడు బావ. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మరుసటేడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని విన్నాం.

అమ్మా నాన్నా పోయాక అక్కని నూజివీడులో మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి పగటి చూపు కూడా పోయింది. రోజూ చీకటి పడ్డాక డాబా మీదికి తీసుకెళ్ళమనేది. “ఇవాళ ఏమున్నాయే?” అని అడిగేది. వృశ్చికం లేచిందనీ, శని ఫలానా చోట ఉన్నాడనీ చెబితే, ముఖం పైకెత్తి వినేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఊరు పెరిగింది, వీధి వీధికీ లైట్లొచ్చాయి, నేను చెప్పగలిగేవి తగ్గిపోయాయి. “ఇంతేనా?” అనేది. ఆకాశంలోనే తగ్గాయి అక్కా అంటే నమ్మేది కాదు. తను చూసిన ఆకాశం మారుతుందని ఆవిడకి తోచలేదు. నాకూ ఆ జబ్బే వస్తోందని బెంగపెట్టుకుంది. కళ్ళు చూపించుకోమని పోరితే వెళ్ళి చూపించుకున్నాను. బాగానే ఉన్నాయన్నారు. ఆ మాటా నమ్మలేదు. చివరి జ్వరంలో కూడా నా కళ్ళ మీద వేళ్ళు పెట్టి తడిమి, “నీకు రాకూడదే, నీకు రాకూడదు” అంటూనే పోయింది.

చాట్రాయి తోటలో మామిడి కొట్టేసి పామాయిల్ వేశారు. పాక ఉన్న చోటు కూడా నేనిప్పుడు గుర్తుపట్టలేను. మా డాబా మీద నుంచి చూస్తే పైన బూడిదరంగు వెలుగే తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఎప్పుడైనా ఊరంతా కరెంటు పోతే మాత్రం మెట్లెక్కి వెళతాను. కాసేపటికి ఒక్కొక్కటే బయటికొస్తాయి. పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. ఏమున్నాయే అని అడిగేవాళ్ళు లేరు. కరెంటు వచ్చేదాకా నిలబడి, గోడ పట్టుకుని కిందికి దిగుతాను.