పరదా మోటారులో ఎవరున్నారు?

పరదాలు కట్టిన మోటారొకటి వెనకనుంచి వచ్చి నన్ను సైకిలుతో సహా మురుగు మోరీలోకి తోసేసింది. ఆ మోటారులో ఆడవాళ్లు లేరు. ఉన్నారని అందరూ అన్నారు. దెబ్బ తిన్నవాడిదే తప్పన్నారు. నిజాం రాజ్యంలో, నాందేడ్ బజారులో, పట్టపగలు జరిగిన సంగతి ఇది. నేను ఇంతవరకూ క్షమించలేదు. ఇక ముందు క్షమిస్తానన్న నమ్మకమూ లేదు.

మొన్న మా వీధి చివర చౌరస్తాలో నల్ల అద్దాల కారొకటి నా చెవి పక్కనే హారను మోగించి, నేను జరిగేలోపే నా హ్యాండిలును రాసుకుంటూ పోయి, సిగ్నలు దగ్గర ఆగింది. ఈ వయసులోనూ సైకిలేమిటని మా ఇంట్లో రోజూ గొడవే, అది వేరే సంగతి. నేను సైకిలు నడిపించుకుంటూ పోయి ఆ అద్దం మీద కొట్టాను. అద్దం దిగలేదు. నా మొహమే నాకు కనిపించింది. పండ్ల బండివాడు నన్ను పక్కకు లాగి, “ఇడ్సిపెట్టు తాతా, లోపల ఎవరున్నరో ఏమో” అన్నాడు. వాడు ఆ మాట అనకపోతే నేను ఇంటికి పోయి అన్నం తిని పడుకునేవాణ్ణి. లోపల ఎవరున్నారో ఏమో! ఆ మాటతోనే నా పడుచుతనంలో సగం పాడు చేశారు.

ఆ రోజుల్లో రోడ్లు ఖాళీగా ఉండేవనీ, మనుషులు మంచివాళ్లనీ ఇప్పుడు కొందరు చెబుతుంటారు. ఎవరు చూశారట? రోడ్లు ఖాళీగా ఉండేవన్నది నిజమే. ఖాళీ రోడ్డులో కూడా మోటారువాడికి సైకిలువాడు నడిచే చోటే కావలసివచ్చేది. రబ్బరు బుడగ హారను ఉండేది, పిసికితే గేదె దగ్గినట్టు మోగేది. దాన్ని దూరంనుంచి పిసికితే ఎవడు భయపడతాడు? సరిగ్గా వీపు వెనకకు వచ్చాక పిసికేవారు. స్టేషను రోడ్డులో సర్వీసు మోటారు క్లీనరు మెట్టు మీద వేలాడుతూ వచ్చి, మనం అందితే నెత్తి మీద టోపీ కొట్టేసి నవ్వేవాడు. వానాకాలంలో నడిరోడ్డు పొడిగా ఉన్నా సరే, బురదగుంట చూసుకుని మరీ చక్రం దింపేవారు. పత్తి బోరాలు మోసుకుపోయే లారీలవాళ్లయితే మనల్ని మనుషులుగానే లెక్కపెట్టలేదు. టాంగావాళ్లు కూడా తక్కువేమీ తినలేదు కాని, గుర్రానికి కాస్త సిగ్గుండేది, పక్కకు తొలిగేది. నేను బడికి పోయినవాణ్ణి కాను. గుడ్డల థాన్ల మీద చీటీలు చదివి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అయినా మునిసిపాలిటీ గోడకు అంటించిన సైకిలు నియమాల కాయిదాలన్నీ పక్కవాడి సాయంతో చదివించుకుని మరీ తెలుసుకున్నాను. ఎడమపక్క పోవాలి, గంట ఉండాలి, చీకటి పడితే దీపం ఉండాలి. ఇంతే. కింద పడమని ఎక్కడా రాయలేదు.

అక్కడ రాయనిది ఒకటుంది. పరదా మోటారు. పెద్ద ఇళ్లలో ఆడవాళ్లు ఘోషా పాటించేవారు, బయటికి వస్తే కారుకు నాలుగు పక్కలా గుడ్డ పరదాలు దించి బొత్తాలు పెట్టేవారు. అలాంటి మోటారు వస్తే సైకిలు మీద ఉన్నవాడు దిగాలి. దిగి, గోడ వైపు మొహం తిప్పుకుని నిలబడాలి. నడిచేవాళ్లూ అంతే, దుకాణాల మెట్ల మీద కూర్చున్నవాళ్లూ అంతే. ఎవరు పెట్టిన నియమమో నాకు తెలియదు. బజారు బజారంతా గోడలకు ముక్కులు ఆనించి నిలబడితే, నడిమధ్యన మోటారు పెళ్లి ఊరేగింపులా పోయేది. ఆడవాళ్ల మర్యాదకు నేనేమీ అడ్డు చెప్పను. కాని ఆ మర్యాద వాళ్లకంటే డ్రైవరుకే ఎక్కువ పనికివచ్చేది. పరదా దించితే చాలు, దారి దానంతటదే ఖాళీ అవుతుంది. దేశ్‌ముఖ్ దొరగారి వాడాలో, అంటే మేడలో, పనిచేసే డ్రైవరు ఈ కిటుకు అందరికంటే ముందే కనిపెట్టాడు. అతను మా వైపువాడే, ధర్మాబాద్ పక్క పల్లెనుంచి వచ్చినవాడు. నల్లని మీసం, ఖాకీ కోటు, ఎవరిని చూసినా సగం నవ్వు.

నేను అప్పుడు మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. బిలోలి దగ్గర మా పల్లెలో సేద్యం అన్నల పాలైతే, నన్ను మామ తన గుడ్డల దుకాణానికి తెచ్చుకున్నాడు. పెద్దిళ్ల ఆడవాళ్లు బజారుకు రారు కదా, చీరల మూటలు ఇళ్లకే పోవాలి. ఆ పని నాది. కారియరు మీద మూట కట్టుకుని ఇంటింటికీ తిరిగి, ముంగిట్లో కూర్చుంటే, లోపలినుంచి ముసలమ్మ ఎవరో వచ్చి మూట తీసుకుపోయేది, వద్దన్నవి తిరిగి తెచ్చేది. తలెత్తని కుర్రవాడని నాకు పేరు. ఆ పేరు మీదే మామ వ్యాపారం సగం నడిచేది. ఇంట్లోనూ అంతే. అత్త వంటింట్లోనే పొయ్యి పక్కన నాకు పీట వేసి, జొన్నరొట్టె కాల్చింది కాల్చినట్టు కంచంలో పడేసేది. ఇద్దరు మరదళ్లు చెరోపక్క కూర్చుని నా తిండిని ఎగతాళి చేసేవారు. ఆ పొయ్యి పక్క చోటుకంటే ఎక్కువ ఈ లోకంలో నేనేమీ కోరుకోలేదు.

ఎండాకాలం మొదలైంది. ఇత్వారా బజారులో సందు సన్నగా ఉన్నచోట, ముందర ఎడ్లబండి, వెనక హారను. చూస్తే పరదా మోటారు. జనం ఎక్కడివాళ్లక్కడ గోడలకు తిరిగారు. కారియరు మీద మూట ఎత్తుగా ఉంది, ఆ సందులో దిగితే మూట మోరీలో పడుతుంది. కాబట్టి నేను మోరీ అంచుకు జరిగి, తల వంచుకుని, మెల్లగా పోనిచ్చాను. ఆపడానికి అతనికి చోటుంది. ఆపలేదు. మడ్‌గార్డు నన్ను తోసింది, నా హ్యాండిలు పరదాలో చిక్కుకుంది, బొత్తాలు పటపట విడిపోయాయి, నేను మోకాలు చీరుకుని మోరీలో పడ్డాను. పడుతూ పడుతూ చూశాను. చూడాలని చూడలేదు, కళ్లు తెరిచి ఉన్నాయి కాబట్టి కనిపించింది. వెనక సీటు మీద గోనెలు పరిచి, వాటి మీద కర్బూజ పండ్లు. గోదావరి ఇసుక మడుల్లో పండేవి, పసుపుపచ్చగా, గుట్టగా, దొరసానుల్లా కూర్చుని ఉన్నాయి. దొర మోటారులో, దొర పెట్రోలుతో, డ్రైవరు తన సొంత సరుకును మండీకి తోలుకుపోతున్నాడు. నాందేడ్ పెద్దమనుషులంతా ఆ కర్బూజలకు మర్యాద చేస్తూ గోడలు చూస్తున్నారు.

డ్రైవరు నాకంటే ముందు తేరుకున్నాడు. పరదా పట్టుకుని దిగి అరవడం మొదలుపెట్టాడు.

“జనానా గాడిలకు తొంగి జూస్తవ్ రా! కండ్లు పీకి చేతుల పెడ్త!”

“జనానా ఏడున్నది? గాడిల ఎవ్వరు లేరు!” అన్నాను నేను, మోరీలోనుంచే.

అతను సగం నవ్వు నవ్వాడు. “ఇన్నరా అందరు? ఎవ్వరు లేరంటున్నడు. లేరని నీకెట్ల ఎరుక రా? జూసినవన్న మాటనే గదా!”

“నేను జూడలే...”

“జూడకుంటె లేరని ఎట్లంటవ్?”

ఇన్నేళ్లు ఆలోచించినా ఆ ప్రశ్నకు జవాబు నాకు దొరకలేదు. ఖాళీ అన్నానా, చూసినట్టే. చూడలేదన్నానా, ఖాళీ కానట్టే. జనంలో ఎవరైనా ఒక్కసారి ఇటు తిరిగి ఉంటే చాలు. క్షౌరం చేసే అతను గోడకేసి చూస్తూనే, “తిరగొచ్చునా అన్నా?” అని అడిగాడు. “ఆగు, బొత్తాలు పెడ్తున్న” అన్నాడు డ్రైవరు. అందరూ ఆగారు! అప్పటికే పండిన కర్బూజ వాసన సందంతా కమ్ముకుంది. దర్జీ ఒకడు గట్టిగా పీల్చి, “అత్తరంటే పెద్దింటోళ్లదే అత్తరు” అన్నాడు. పరదా మూసుకున్నాక ఒక ముసలి మరాఠీ ఆసామి నా వైపు తిరిగి, “లాజ్ నాహీ కా రే పోరా?” అని, సిగ్గు లేదా పిల్లాడా అని నన్నే అడిగిపోయాడు. మోటారు వెళ్లిపోయింది. నా ముందు చక్రం వంకరపోయింది, చీరలు మోరీ నీళ్లు తాగాయి, ఒక్కడూ చెయ్యి అందించలేదు.

దుకాణానికి నాకంటే ముందు కబురు చేరింది. మామ గద్దె మీదనుంచి లేవలేదు. మోకాలు చూడలేదు, సైకిలు చూడలేదు.

“ఏం రా, దిగితే నీ సొమ్మేం పోయింది?”

“మామా, గాడిల కర్బూజలున్నయి. నీ మీద ఒట్టు.”

“ఏమున్నయో నేనడిగిన్నా? పరదా ఉన్నదా లేదా?”

“పరదా ఉన్నది.”

“మరింకేంది? పరదా ఉన్నదంటే దిగాలె.”

“దొరనే అడుగు మామా. ఇయ్యాల ఇంట్ల ఆడోళ్లు బయటికి పోలేదని ఆయనే చెప్తడు.”

మామ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. “దొర తానకు పోయి, మీ ఆడోళ్లు యాడికి పోయిండ్రు, యాడికి పోలేదు అని అడుగుమంటవా? అడిగినంక నా దుకాణం ఉంటదా, నా తలకాయ ఉంటదా?”

డ్రైవరుకు ఇది ముందే తెలుసు. ఎవరూ అడగలేని చోట అబద్ధాన్ని దాచాడు. దానికి తాళం కూడా అక్కర్లేదు.

మర్నాటినుంచి నన్ను దుకాణం వెనక కొట్టులో థాన్లు మడతపెట్టడానికి వేశారు. చీరల మూటలు మోయడానికి వేరే మనిషి వచ్చాడు. అదైనా ఓర్చుకునేవాణ్ణి. ఆ రాత్రి భోజనానికి వంటింట్లోకి పోబోతే అత్త గడపలోనే అడ్డం వచ్చి, “బయటి అర్రల కూసో బిడ్డా, ఆడికే తెస్త” అంది. కోపంగా అనలేదు, మెత్తగానే అంది. ఆ మెత్తదనమే నన్ను కోసింది. మరదళ్ల నవ్వులు గోడకు అవతల వినిపించాయి, నేను రాగానే ఆగాయి. రొట్టె చల్లారి వచ్చింది. ఇక ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ చల్లారిన రొట్టే తిన్నాను.

నాకు కావలసింది ఒకటే. ఆ డ్రైవరు మా మామ ఎదుట నిలబడి, గాడిలో ఎవరూ లేరని ఒక్క మాట అనాలి. చక్రం బాగుచేయించనక్కర్లేదు, క్షమాపణ చెప్పనక్కర్లేదు. పెట్రోలు పోయించుకునే చోట అతన్ని పట్టుకున్నాను. “ఏమన్న, నిజం చెప్పు, ఎవరున్నరు లోపట?” అంటే, నలుగురిలో గొంతెత్తి, “సూడుండ్రి, మల్ల అడుగుతున్నడు, పెద్దింటి ఆడోళ్ల ముచ్చట వీనికెందుకు?” అన్నాడు. జనం నన్ను తిట్టి పంపారు. తర్వాత కూడా ఊరుకోలేదు. ఎప్పుడు ఎదురుపడితే అప్పుడు అడిగాను. ఒకసారి తిట్టాడు, ఒకసారి హారను పిసికాడు, ఒకసారి నేనెవరో తెలియనట్టు చూశాడు. తెలియనట్టు చూసినరోజే నాకు ఎక్కువ మండింది.

నిజాం రాజ్యం పోయింది. దొరల మోటార్లు అమ్ముడుపోయాయి, పరదాలు పోయాయి, ఆ ఇళ్ల ఆడపిల్లలే సైకిళ్లెక్కి బడికి పోసాగారు. ఆ డ్రైవరు బిలోలి రోడ్డులో బస్సు నడపసాగాడు. నేను బిలోలిలో సొంతంగా చిన్న గుడ్డల కొట్టు పెట్టుకున్నాను. ఒకసారి మామ జబ్బుపడ్డాడని తెలిసి, ఆ బస్సే ఎక్కి, వెనక సీటునుంచి ముందుకు పోయి, “మా మామ ఎక్కువ దినాలు బతకడు, ఒక్కపారి అచ్చి చెప్పు” అని అడిగాను. అది అడగడం కాదు, బతిమాలడమే. రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పకుండానే, “టికెట్టు దీస్కున్నవా? పోయి కూసో” అన్నాడు. మామ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, “పోనీ రా, పడుచుదనం, అందరు జూస్తరు” అన్నాడు. క్షమించాడన్నమాట! చెయ్యని తప్పుకు క్షమాపణ దొరకడంకంటే పెద్ద అవమానం నాకు తెలియదు. అత్త కూడా అదే నమ్మకంతో పోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, ముద్ఖేడ్ స్టేషను బయట టీ హోటలు బల్ల మీద అతను ఒంటరిగా కూర్చుని కనిపించాడు. మీసం తెల్లబడింది. సాసరులో పోసుకున్న చాయను ఊది ఊది తాగుతున్నాడు. నాకు జాలి కలగలేదు, కలిగిందని అబద్ధం ఎందుకు రాయాలి? ఎదురుగా కూర్చుని, పేరూ ఊరూ చెప్పకుండా, పాత ప్రశ్నే అడిగాను. అతను నన్ను వెంటనే గుర్తుపట్టాడు. సాసరు కింద పెట్టి, మూతి తుడుచుకుని, ఈసారి ఆ సగం నవ్వు కూడా లేకుండా చెప్పాడు:

“ఎవ్వరు లేకుండె తమ్మీ. పో, గిప్పుడు చెప్పుకో, ఎవరికి చెప్తవో. మీ మామ లేడు, మా దొర లేడు, గా దినం బజార్ల ఉన్నోళ్లు ఒక్కలు లేరు. మిగిలింది నువ్వు, నేను. మనిద్దరికి అప్పుడే ఎరుక గదా.”