ఉత్త చేతుల వేట

రంగూన్ ఊళ్ళో, తామ్వేలో బస్సు డిపో వెనకాల వెదురు తడికల ఇళ్ళ వరసలో దండాసిని ఎరగనివాళ్ళు లేరు. డిపోలో బస్సులకి రంగులు వెయ్యడం అతని ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆ మనిషి ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఎండాకాలంలో మింగళాడోన్ అవతలి అడవుల్లో కోళ్ళకి ఉచ్చులు పన్నేవాడు. తొలివాన పడగానే బుట్ట పట్టుకుని పుట్టగొడుగులకి పోయేవాడు. వానలు ముదిరాక నది దాటి దలా కాలవల్లో గాలం వేసేవాడు. గంజాం జిల్లాలో వాళ్ళ తాత చేసిన పనులే ఇవన్నీ. తండ్రి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చినప్పుడు, ఆ యావ కూడా అతనితోపాటే ఓడెక్కి వచ్చింది.

తల్లి పోయేనాటికి దండాసి పాలపళ్ళు ఊడని వయసులో ఉన్నాడు. అన్న నరసింహం పెళ్ళి చేసుకుని తెచ్చిన సింహాచలమ్మ అతనికి అన్నం కలిపి పెట్టింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది, అల్లరి చేస్తే వీపు వాయించింది. అతను బర్మా పిల్ల ఖిన్ ఖిన్‌ని చేసుకుంటానంటే అన్న నెలరోజులు మాట్లాడలేదు. వదినే ఆ పిల్లని ఇంటికి పిలిచి, పీట వేసి, ఆవపెట్టిన కూర ఎలా వండాలో చూపించింది. అప్పట్నుంచి ఖిన్ ఖిన్ ఆమెని తన భాషలో మమ అని, అంటే అక్కా అని, పిలిచేది. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క గదులు.

సైన్యం గద్దెనెక్కిన రెండేళ్ళకి నరసింహం గుమాస్తాగా ఉన్న బట్టల కొట్టు సర్కారు పరమైంది. తాళం మీద కొత్త తాళం పడింది. ఏడాదిపాటు పనికోసం తిరిగి తిరిగి, చివరికి ఇండియా వెళ్ళే ఓడకి పేరు రాయించుకున్నాడు. నువ్వు కూడా వచ్చెయ్యి అని తమ్ముణ్ణి ఒక్కసారే అడిగాడు. ఖిన్ ఖిన్ కళ్ళు చూసి దండాసి రానన్నాడు.

"నీకేటి, నీ అత్తోరూరు ఇది," అన్నాడు నరసింహం. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఓడ జూన్‌లో ఉందని తెలిసిన రోజు సాయంత్రం, సింహాచలమ్మ బియ్యం ఏరుతూ మామూలుగా అంది: "ఆ యెల్లినకాడ తొలివాన పుట్టగొడుగులు దొరుకుతాయో నేదో."

అంతే. ఆమె అడగలేదు. కానీ దండాసి అది పట్టుకున్నాడు. వదిన ఈ గడ్డ వదిలి వెళ్ళేలోగా అడవికోడి, పుట్టగొడుగులు, చేప, మూడూ తెచ్చి ఆమె పొయ్యి దగ్గర పెట్టాలని నిశ్చయించుకున్నాడు. ఆమె తనకి పెట్టిన కంచాలకి ఇంకెలా బదులు తీర్చుకోవాలో అతనికి తెలియలేదు.

ముందు కోడి. దండాసి దగ్గర ఒక దీమం ఉండేది. అడవిలో పట్టి తెచ్చి, పిల్లప్పటినుంచి పెంచిన పుంజు. దాన్ని కాలికి తాడు కట్టి చెట్ల మధ్య నిలబెడితే కూస్తుంది. ఆ కూత విని, నా చోటులోకి వచ్చిందెవడని అడవిపుంజు పోట్లాటకి దిగుతుంది. చుట్టూ పన్నిన ఉచ్చుల్లో పడుతుంది. దీమాన్ని తయారుచెయ్యడమంటే మాటలు కాదు. చంకలో పెట్టుకుని తిప్పాలి, నూకలు నోటికందించాలి, మనిషి కనబడినా బెదరకుండా కూసేలా మాలిమి చెయ్యాలి. దండాసి దాన్ని రాజుగాడు అని పిలిచేవాడు.

ఎండ ఇంకా ఎక్కని వేళకి మింగళాడోన్ దాటి అడవి చేరాడు. రాజుగాణ్ణి కట్టి, ఉచ్చులు సర్ది, పొదలో నక్కాడు. రాజుగాడు మెడ సాచి కూశాడు. అవతల నుంచి జవాబు వచ్చింది. మళ్ళీ కూశాడు. ఈసారి జవాబు దగ్గర నుంచి వచ్చింది. ఎండుటాకులు గలగలమన్నాయి. ఎర్రగా, నిప్పుకణికలా మెరుస్తూ అడవిపుంజు చెట్టు మొదలు దాటి వచ్చింది. రెక్క ఒకటి కిందకి జార్చి, పక్కవాటుగా అడుగులేస్తూ ఉచ్చుకి జానెడు దూరంలో ఆగింది.

తుపాకి పేలింది.

అడవిపుంజు గాల్లోకి లేచి మాయమైంది. రాజుగాడు తాడు చివర గిలగిలా కొట్టుకుని పడిపోయాడు. చెట్ల వెనకనుంచి సైన్యపు ఆఫీసరు ఒకడు, ఇద్దరు సిపాయిలు బయటికొచ్చారు. తుపాకీ అన్నది వాళ్ళ చేతుల్లో తప్ప మరొకరి దగ్గర కనబడని రోజులవి.

"దీని కాలికి తాడేమిటి?" అన్నాడు ఆఫీసరు, కోడిని ఎత్తి చూస్తూ.

దండాసి పొదలోంచి లేచాడు. "నాదేనయ్యా. పెంచుకున్నది."

"పెంచుకున్నదా? మరి అడవిలో ఏం చేస్తోంది?"

ఉచ్చులు పన్నానని చెబితే అదో నేరం. దండాసి ఉచ్చులకి అడ్డంగా జరిగాడు. సిపాయిలు నవ్వారు. ఆఫీసరు, పాపం అన్నట్టు తలాడించి, కోడిని సిపాయి చేతికిచ్చి నడిచాడు. దండాసి చేతిలో తెగిన తాడు మిగిలింది.

ఇంటికొచ్చి ఆ ముక్క చెప్పి, తెగిన తాడు చూపించాడు. "అంత మాలిమైన పుంజు! కూత నేర్పడానికి నా ప్రాణం పోనాది వదినా!"

"పోన్లే నాయినా, నిన్ను కాల్చనేదు," అంది సింహాచలమ్మ.

నరసింహం మాత్రం పెట్టెకి తాడు బిగిస్తూ విసుక్కున్నాడు. "ఒరే, అడవికోడి తినకపోతే ఓడ కదలదేటి? వొచ్చి ఈ కొస పట్టుకో."

దండాసి కొస పట్టుకున్నాడు. మనసు మాత్రం మబ్బుల మీద ఉంది.

ఆ ఏడు మబ్బులు కూడా ఏడిపించాయి. రోజూ మూసుకొచ్చేవి, నాలుగు చినుకులు రాల్చి పోయేవి. చివరికి ఒక సాయంత్రం ఊరు అదిరేలా ఉరిమి, రేకులన్నీ చిల్లులు పడతాయేమో అన్నట్టు కురిసింది. ఉరుము వినగానే దండాసి బుట్ట దించాడు. మర్నాడు కడుపునొప్పని డిపోకి కబురుపెట్టి, తొలి బస్సెక్కాడు.

ఏటా అతను వెళ్ళే తోపు ఒకటుంది. అందులో చెదపుట్టలు మనిషెత్తున ఉంటాయి. దారి తప్పడానికి లేదు, కళ్ళు మూసుకుని వెళ్ళగలడు. కళ్ళు తెరుచుకునే వెళ్ళాడు గనక ముళ్ళకంచెకి కొట్టుకోలేదు. తోపు చుట్టూ కొత్త కంచె! కంటోన్మెంటు అక్కడిదాకా జరిగింది. కంచె అవతల, పుట్టల పాదాల చుట్టూ, తెల్లగా గొడుగులు విప్పి గుంపులు గుంపులుగా లేచి ఉన్నాయి. కొన్ని అరచెయ్యంత. కొన్ని ఇంకా మొగ్గలు. ఒక చోట అడవిపంది తొక్కి పాడుచేసి పోయింది. అది చూస్తే దండాసికి కడుపు మండిపోయింది. పందికున్న హక్కు కూడా నాకు లేదా అనుకున్నాడు.

నేలకి బోర్లా పడుకుని కంచె కిందనుంచి దూరాడు. చొక్కా చిరిగింది. మొదలు విరగకుండా వేళ్ళతో తవ్వి తీస్తూ బుట్ట నింపాడు. పైన ఆకులు కప్పాడు. తిరిగి కంచె దగ్గరికొచ్చేసరికి బూట్లు కనబడ్డాయి.

సిపాయిలు అతన్ని తమ వంటపాక దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్ద పొట్ట ఉన్న హవల్దారు ఒకడు బుట్టలోకి తొంగిచూశాడు.

"ఏయ్ కలా," అన్నాడు. ఇండియా మొహం కనబడితే వాళ్ళు పిలిచే పిలుపు అది. "వీటిలో విషం ఉందా?"

"లేదయ్యా. మేం ఏటా తినేవే."

"మావాళ్ళు తిని పడిపోతే?"

"పడిపోరయ్యా."

"అయితే ముందు నువ్వు తిను."

వంటవాడు సగం పుట్టగొడుగులు ఉల్లిపాయలతో నూనెలో వేయించాడు. పళ్ళెం నిండా అన్నం, దాని మీద అవీ పెట్టి దండాసి ముందు తోశారు. అంత నూనె పోసి వండిన కూర దండాసి ఇంట్లో ఎన్నడూ లేదు. సర్కారు నడిపే ప్రజా దుకాణం ముందు వరసలో నిలబడి ఖిన్ ఖిన్ తెచ్చే నూనె దీపానికే చాలేది కాదు. అద్భుతంగా ఉంది. అదే అతన్ని చంపేసింది. ఒక్కో ముద్దా వదిన నోటిదగ్గరనుంచి లాక్కుని తింటున్నట్టు అనిపించింది. తినడం ఆపితే "ఏం, విషమా?" అని అడిగారు. మొత్తం తిన్నాడు. తర్వాత అతను చస్తాడేమో చూడటానికి చెట్టుకింద కూర్చోబెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చినా చావలేదు. అప్పుడు మిగతావి వండుకుని వాళ్ళు తిన్నారు.

"అయ్యా, ఒక్క గుప్పెడివ్వండి. మా వదిన ఊరు వదిలి వెళ్ళిపోతోంది," అని బతిమాలాడు.

"నువ్వు తిన్నావుగా," అన్నాడు హవల్దారు. బుట్ట కూడా ఇవ్వలేదు.

ఇంటికి రాగానే వదిన నీళ్ళిచ్చింది. "దొరకనేదా?"

చెప్పకూడదనుకున్నాడు. కానీ కడుపులోంచి పెద్ద తేన్పు వచ్చింది, వేయించిన ఉల్లిపాయ వాసనతో. ఇక దాచడం ఎందుకని జరిగిందంతా చెప్పాడు. సిపాయిలు వలయంగా కూర్చుని ఇప్పుడు చస్తాడా, కాసేపాగి చస్తాడా అని తన మొహంలోకి చూసిన సంగతి దగ్గరికి వచ్చేసరికి నరసింహం నవ్వడం మొదలెట్టాడు. కొట్టు పోయిన దగ్గరనుంచి నవ్వని మనిషి, పెట్టె మీద పడి పొట్ట పట్టుకుని నవ్వాడు. సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భాష సగమే అర్థమైన ఖిన్ ఖిన్ కూడా నవ్వింది.

"నవ్వండి, నవ్వండి!" అని దండాసి లేచి బయటికి పోయాడు. తన చేతకానితనం చూసి అందరూ నవ్వుతున్నారనే అనిపించింది అతనికి. ఆ పూట వాళ్ళు మళ్ళీ మళ్ళీ తలుచుకుని నవ్వుకుంటూ అన్నం తిన్నారు. అతను వీధి చివర టీ కొట్టు బల్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు.

ఇక చేప మిగిలింది. జూన్ రానే వచ్చింది, ఓడ మర్నాడు సాయంత్రం పోటుకి కదులుతుందన్నారు. మధ్యాహ్నం దాటాక రేవుకి చేరితే చాలు.

"రేపొద్దున్న యెక్కడికీ యెల్లకు," అన్నాడు నరసింహం. "సామాను మొయ్యాల."

"బేగి వొచ్చేస్తాను అన్నియ్యా. వదిన నా సేప తిని ఓడెక్కాల."

సింహాచలమ్మ తల అటు తిప్పుకుని పెట్టె సర్దసాగింది.

తెలవారేసరికి సంపాన్ పడవలో నది దాటి దలా చేరి, ఊరి వెనక కాలవ గట్టున గాలం వేశాడు. ఎరని పీతలు తినేశాయి. మళ్ళీ గుచ్చాడు. గాలం వేరులో చిక్కుకుని తెగింది. ఇంకోటి కట్టాడు. వేలెడు జెల్ల ఒకటి పడి, తీస్తుంటే ముల్లు గుచ్చింది. పొద్దెక్కిపోతోంది. ఇక లేద్దామనుకునేసరికి తాడు ఒక్కసారిగా చేతిని కోసుకుంటూ పరుగెత్తింది. మొలలోతు బురదలోకి దిగి, చేతులు రక్తం కారుతుంటే లాగాడు. వాలుగ! మూరెడున్నర పైన ఉంటుంది, వెండిలా మెరుస్తోంది. వదినకి వాలుగ పులుసంటే ప్రాణం. తాడుకి గుచ్చి భుజాన వేసుకుని రేవుకి పరుగెత్తాడు.

సంపాన్‌లన్నీ గట్టుకి కట్టేసి ఉన్నాయి. పడవవాడు మౌంగ్ మౌంగ్ గట్టు మీద చుట్ట కాల్చుకుంటున్నాడు.

"పద పద, బేగి!" అన్నాడు దండాసి.

"పోవడానికి లేదు. పెద్ద ఓడ కదులుతోంది. అది దాటేదాకా పడవలు ఆపమన్నారు."

"ఏ ఓడ?"

"ఇండియా ఓడే. సాయంత్రం అన్నారుట, మళ్ళీ పొద్దున్నే అందర్నీ ఎక్కించేశారుట. నాకేం తెలుసు, వాళ్ళిష్టం."

అవతలి గట్టునుంచి ఓడ అప్పటికే విడివడింది. ముక్కు తిప్పుకుని, దలా రేవు ముందునుంచి, మెల్లగా సముద్రం వైపు జరుగుతోంది. పైన కమ్మీల పొడుగునా జనం, ఆడా మగా. దండాసి మోకాలిలోతు నీళ్ళలోకి దిగి "వదినా! అన్నియ్యా!" అని అరిచాడు. ఓడ కూత వేసింది. ఏం చెయ్యాలో తోచక, మొప్పల్లో వేళ్ళు దూర్చి ఆ వాలుగని రెండు చేతులా తలపైకెత్తి పట్టుకున్నాడు. పైన ఎవరో ఒక గుడ్డ ఊపారు. అది తన వదినో, మరెవరి వదినో. అతనికి ఆనవాలు దొరకలేదు. చేతులు లాగేసినా దించలేదు. ఓడ చిన్నదైపోయాక మౌంగ్ మౌంగ్ వచ్చి భుజం పట్టుకుని గట్టు మీదికి తీసుకొచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి ఖిన్ ఖిన్ పక్కగది గుమ్మంలో కూర్చుని ఉంది. గది ఖాళీ. ఆమె లుంగీకి మట్టి, చెయ్యి కమిలిపోయి ఉంది.

"నువ్వు లేదు," అంది, ఆమెకొచ్చిన తెలుగులో. "పోలీసు వచ్చి బేగి బేగి అన్నాడు. పెట్టె నేను మోసింది. రేవులో అంతా విప్పి, బట్టలు నేల మీద పోసినారు. మమ ఏడ్చింది. నేను మళ్ళీ సర్దింది. అన్నయ్య నిచ్చెన మీద కూడా ఎనక్కి సూస్తాడు, వాడేడీ, వాడేడీ అని."

"వదిన ఏటన్నాది?"

"తిట్టొద్దు అని అన్నయ్యకి సెప్పింది. ఉత్త సేతుల్తో రానేక ఎక్కడో తిరుగుతన్నాడు పిచ్చోడు, అంది." ఖిన్ ఖిన్ గొంతు ఒక్కసారిగా పెరిగింది. "చేప ఎవరు అడిగినారు నిన్ను? కోడి ఎవరు అడిగినారు? నెల రోజులు అడవి, అడవి! మమకి నువ్వు ఇంట్లో కావాలి. పెట్టె మోసేది కావాలి!"

దండాసికి కోపం ముంచుకొచ్చింది. ఆఫీసరు మీద, హవల్దారు మీద, వేళ మార్చిన వాళ్ళ మీద, అన్నిటికన్నా ఎక్కువగా తన మీద. చేపని భుజం మీంచి లాగి మురికికాలవలోకి విసరబోయాడు. ఖిన్ ఖిన్ లేచి చెయ్యి పట్టుకుంది.

"చంపి, పారేస్తావా? అది ఇంకో పాపం."

చేప లాక్కుని, కత్తిపీట ముందేసుకుంది. తోక వైపు ముక్కలు ఎదురింటి చిలకమ్మకీ, డిపో కాపలావాడికీ పంపింది. మిగతాది చింతపండు పులుసు పెట్టింది. సింహాచలమ్మ నేర్పినట్టే పెట్టాలని చూసింది గానీ ఆవాలు మాడిపోయాయి. దండాసి కంచం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు.

"సేదొచ్చింది," అన్నాడు.

"తిను," అంది ఖిన్ ఖిన్.

మూడో ముద్ద మధ్యలో అతనికి ఏడుపొచ్చింది. ఆమె చూడనట్టే తన కంచంలోని ముళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి అతను ముక్కు తుడుచుకుని, కమిలిన ఆమె చెయ్యి తన వైపు లాక్కుని, గదిలో కొబ్బరినూనె ఎక్కడుందని అడిగాడు.