పెద్దమ్మ పెరట్లో మూడు నీళ్ళు

మా పెద్దమ్మ బతుకంతా నీళ్ళలోనే గడిచింది. ఆమె ఇంట్లోనే లాండ్రీ నడిపేది. బస్టాండు పక్కనున్న లాడ్జీ తాలూకు దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు పొద్దున్నే మూటలు మూటలుగా ఆమె పెరట్లో దిగేవి. ఉతుకుడు బండ దగ్గర దెబ్బలు తిని, నీలిమందులో మునిగి, దండేల మీద ఆరి, సాయంత్రానికి ఇస్త్రీ మడతలతో బుద్ధిగా వెనక్కి వెళ్ళేవి. ఆరేసినప్పుడు పెరడు దాటడం గండమే. పెదనాన్న ఒక్కోసారి ఆ తెల్ల దుప్పట్ల మధ్య దారి తప్పి, "ఏమేవ్, ఎటు రావాలే?" అని కేకేసేవాడు.

పెదనాన్న గడియారాలు బాగుచేసేవాడు. వీధివైపు గదిలో చిన్న బల్ల, దాని మీద పళ్ళచక్రాలు, కంటికి బిగించుకున్న భూతద్దం. మనిషి బక్కపలచన, చేతులు నిదానం, నోటికి మాత్రం బ్రేకుల్లేవు. లోకంలో ప్రతిదానికీ మూత ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. మూత లేని గడియారంలో దుమ్ము పడుతుంది, మూత లేని నూతిలో లోకమంతా పడుతుంది అనేవాడు.

ఆ నుయ్యి ఆయన తండ్రి తవ్వించింది. మనుషులు గునపాలతో, పారలతో దిగి తవ్వి, చుట్టూ రాయి పేర్చి కట్టిన వెడల్పాటి నుయ్యి. లోతు పెద్దగా లేదు. వానాకాలంలో వంగి చెంబుతో ముంచుకోవచ్చు. పెద్దమ్మకు ఆ నీళ్ళంటే ప్రాణం. సబ్బు ఇలా తాకిస్తే అలా నురగ వచ్చేది. "ఇవి నీళ్ళు కాదమ్మా, వెన్న" అనేది వచ్చినవాళ్ళతో. ఆ వెన్నలో కప్పలూ, రాలిన ఆకులూ, పిచ్చుక ఈకలూ తేలుతుండేవి. వాటిని ఆమె చేత్తో పక్కకు తోసి చేద వేసేది.

ఒకరోజు ఆ నూతి గట్టు మీదే ఇద్దరికీ వాదన వచ్చింది. పెద్దమ్మ ఒకవైపు గిలక మీది తాడు లాగుతోంది, పెదనాన్న మరోవైపు నిలబడి లోపలికి వేలు చూపిస్తూ మూత గురించి ఉపన్యసిస్తున్నాడు.

"ఇందులో ఏదైనా పడిందంటే ఎవడే బాధ్యుడు? చెప్పు, ఎవడు?" అని గట్టిగా అన్నాడు. ఆ 'ఎవడు' దగ్గర ఆయన కట్టుడు పళ్ళ సెట్టు నోట్లోంచి ఎగిరి, గాల్లో ఒక పల్టీ కొట్టి, బుడుంగుమని నూతిలో పడింది.

ఇద్దరూ వంగి లోపలికి చూశారు.

"పల్లు పద్దాయ్" అన్నాడు పెదనాన్న.

"ఇప్పుడు చెప్పండి, బాధ్యుడెవరో" అంది పెద్దమ్మ.

నూతిలో జారిపడ్డ చేదల్ని పైకి తీయడానికి కొక్కేల గుత్తి ఒకటి ఉంటుంది, పాతాళగరిగె అంటారు. దాన్ని తాడుకు కట్టి దింపారు. ముందు ఒక తుప్పుపట్టిన బకెట్టు వచ్చింది. తర్వాత ఒక చెప్పు. ఆ తర్వాత ఎదురింటావిడ ఇత్తడి బిందె వచ్చింది. ఆ బిందె పోయిందని, పెద్దమ్మే దాచిందని ఆవిడ అప్పటికి ఏళ్ళ తరబడి మాటలు మానేసింది. పెద్దమ్మ దాన్ని చింతపండుతో తళతళా తోమి, ఎదురింటి గుమ్మంలో ఠంగుమని పెట్టి తిరిగి వచ్చింది. పళ్ళు మాత్రం దొరకలేదు. చివరికి పూడిక తీసే మనిషిని పిలిచి, నీళ్ళన్నీ తోడించి, బురదంతా ఎత్తిపోయిస్తే అడుగున కనిపించాయి. పెద్దమ్మ వాటిని దుప్పట్లు ఉడకబెట్టే కాగులో వేసి ఉడికించి, నీలిమందులో కూడా ఒకసారి ముంచి ఇచ్చింది.

పళ్ళు పెట్టుకున్న పెదనాన్న అన్న మొదటి మాట: "మనం పంపు వేయించుకుందాం."

పంపుల మేస్త్రీ వచ్చాడు. పైనంతా ఇసుక నేలే కాబట్టి తవ్వక్కర్లేదన్నాడు. మొనదేలిన ఇనుప గొట్టాన్ని సమ్మెటతో నేలలోకి దిగ్గొడతాడట. మొన పైన సన్నటి సందులుంటాయట. ఇసుక బయటే ఆగి, నీళ్ళు లోపలికొస్తాయట. ఒక గొట్టం దిగాక దాని నెత్తిన ఇంకోటి బిగించి మళ్ళీ కొడతాడు. మూతా, పూడికా, కప్పలూ ఏ గొడవా లేదు. ఇంత నాజూకైన ఏర్పాటు పెదనాన్నకు ఎంతగానో నచ్చింది. భూతద్దం పెట్టుకుని ఆ సందులన్నీ పరిశీలించి, "గడియారంలా ఉంది" అని మెచ్చుకున్నాడు.

పంపు ఎక్కడ పెట్టాలన్న దగ్గర మళ్ళీ పేచీ. వీధి గుమ్మం పక్కన పెట్టమన్నాడు పెదనాన్న.

"వీధిలోంచి నీళ్ళు మోసుకొచ్చి ఉతకనా? బండ పక్కనే పెట్టించండి" అంది పెద్దమ్మ.

"బండ పక్కనా? ఎందుకైనా మంచిదమ్మా..." అని మేస్త్రీ ఏదో చెప్పబోయాడు.

"ఉతికేది నువ్వా, నేనా?" అంది పెద్దమ్మ. మేస్త్రీ సమ్మెట ఎత్తాడు.

చేతిపంపు వచ్చింది. దానికొక గుణం ఉండేది. తోలు వాషరు ఎండిపోయిందంటే పైనుంచి చెంబుడు నీళ్ళు పోస్తేగానీ కింది నీళ్ళు పైకి రావు. "ముందు మర్యాద చేస్తేగానీ నోరు విప్పని అల్లుడిలా ఉంది" అనేది పెద్దమ్మ. అయినా ముచ్చటగానే వాడుకుంది. తాగడానికీ, వంటకూ, ఉతకడానికీ అన్నిటికీ అవే నీళ్ళు. నుయ్యి మొహం చూసినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకు పంపు నీళ్ళు నురగ కక్కడం మొదలుపెట్టాయి. బకెట్టులో పడుతూనే పైన తెల్లగా బుడగలు. పెద్దమ్మ మురిసిపోయింది.

"చూశారా, ఈ నీళ్ళ గొప్పతనం! సబ్బు వెయ్యకముందే నురగ!"

"నేను చెప్పలా?" అన్నాడు పెదనాన్న, తను ఏం చెప్పాడో తనకే తెలియకపోయినా.

ఆ మహిమ వీధంతా పాకింది. బిందె దొరికాక మళ్ళీ మాటలు కలిపిన ఎదురింటావిడ వచ్చి రెండు బిందెలు పట్టుకెళ్ళింది. సాయంత్రానికి తిరిగొచ్చింది.

"ఏమే, మీ నీళ్ళతో పప్పు వండితే నీలిమందు వాసనొస్తోందేమే?"

పెద్దమ్మ కిందటి రోజు నుంచి తన నోటికీ ఆ వాసనే తగులుతోందని, చేతులకు అంటిందేమో అనుకున్నానని ఒప్పుకుంది. పెదనాన్నకు తేన్పుల్లో సబ్బు రుచి వస్తోందట, చెబితే పెద్దమ్మ ఏదో కషాయం తాగిస్తుందని చెప్పలేదట. ఇద్దరూ ఒకేసారి పెరట్లోకి చూశారు. ఉతుకుడు బండ. దాని పక్కన బట్టల నీళ్ళన్నీ వెళ్ళి ఇంకిపోయే గుంట. గుంటకు ఆనుకుని పంపు.

"అంటే," అన్నాడు పెదనాన్న మెల్లిగా, "నిన్న నువ్వు పారబోసిన నీళ్ళే ఇవాళ నేను తాగుతున్నానన్నమాట."

"మీరొక్కరే కాదులెండి. నేనూ తాగాను" అంది పెద్దమ్మ. లాడ్జీలో దిగినవాళ్ళందరి దుప్పట్లూ గుర్తొచ్చి, ఆ పూట ఇద్దరికీ అన్నం సయించలేదు.

పంపు మాట అంతటితో ముగిసింది. ఇక పెదనాన్నను పట్టేవాళ్ళు లేకపోయారు. "పైపై నీళ్ళతో లాభం లేదు, లోతుకు పోవాలి" అని బోరు లారీని పిలిపించాడు. అది సందులోకి తిరగలేక ఎదురింటి అరుగు అంచు విరగ్గొట్టి మరీ వచ్చింది. పొద్దుటి నుంచి రొద. ఇసుక పొర దాటి రాయి తగిలింది. రాతిని దొలుస్తుంటే బూడిదలాంటి పొడి లేచి, ఆరేసిన దుప్పట్ల మీదా, పెదనాన్న తల మీదా, ఎదురింటావిడ కూరల మీదా సమానంగా పడింది. ఇసుక జారి కన్నం పూడిపోకుండా పైభాగంలో కేసింగ్ గొట్టం దింపారు. పంపుతో తగిలిన దెబ్బకు ఈసారి పెద్దమ్మే దగ్గరుండి, గుంటకు దూరంగా, పెరటికి అటు చివర వేయించింది. రాతి పగుళ్ళలోంచి నీళ్ళు ఎగజిమ్మినప్పుడు పెదనాన్న గొడుగు తెచ్చుకుని కింద నిలబడి మరీ చూశాడు.

మోటారు బిగించారు. మీట నొక్కితే చాలు, అద్దంలాంటి నీళ్ళు. పెద్దమ్మ గ్లాసులో పట్టి వెలుతురుకు పెట్టి చూసింది. నలుసు లేదు. మనసు నిండిపోయి, ఆ రోజు వచ్చిన మూటలన్నీ ఆ నీళ్ళతోనే ఉతికి ఆరేసింది.

ఎండ ఎక్కేకొద్దీ దుప్పట్ల మీద పసుపు ఛాయ కనిపించింది. సరిగా జాడించలేదేమోనని మళ్ళీ తడిపి, పట్టుదలకొద్దీ బ్లీచింగ్ పొడి బాగా దట్టించింది. పసుపు కాస్తా చిక్కటి టీ రంగయింది. ఎంత దట్టిస్తే అంత చిక్కబడింది. లాడ్జీలో మార్చడానికి వేరే దుప్పట్లు లేకపోవడంతో సాయంత్రం వాటినే పంపింది.

మర్నాడు లాడ్జీ యజమాని స్వయంగా వచ్చాడు. మర్యాదస్తుడు. ఒక దుప్పటి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"అక్కగారూ, తప్పుగా అనుకోకండి. మా దగ్గర దిగినవాళ్ళు మంచం చూసి, 'ఇందాక ఇక్కడ టీ ఒలికిందా?' అని అడుగుతున్నారండీ."

"లేదని చెప్పకపోయావా తమ్ముడూ?"

"చెప్పానండీ. 'అయితే మంచం నిండా ఒలికిందన్నమాట' అంటున్నారు."

పెద్దమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె చేతి దుప్పటిని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. మూడు సీసాల్లో మూడు రకాల నీళ్ళు పట్టుకుని, పెదనాన్నను వెంటేసుకుని, నీళ్ళు పరీక్షించే ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ఒక అధికారిణి, నెమ్మదైన మనిషి, ఫలితాలు వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"నూతి నీళ్ళు మెత్తటి నీళ్ళండీ, ఉతకడానికి బ్రహ్మాండం. కానీ పైన తెరిచి ఉంది కాబట్టి సూక్ష్మజీవులు చేరాయి. కాచకుండా తాగకూడదు. పంపు నీళ్ళలో సబ్బే ఎక్కువుంది, నీళ్ళు తక్కువ. ఎక్కడ పెట్టారు?"

పెదనాన్న నోరు తెరిచాడు. పెద్దమ్మ మోచేత్తో పొడిచింది. "ఎక్కడో పెట్టారులెండి" అంది.

"బోరు నీళ్ళు తాగడానికి నిక్షేపంలాంటివి. ఇనుము మాత్రం ఎక్కువుంది. కింద ఉన్నంతసేపూ కనబడదు. గాలి తగిలితే తుప్పవుతుంది. బ్లీచింగ్ వేస్తే మరీ తొందరగా అవుతుంది. వేశారా?"

ఈసారి పెదనాన్న మోచేయి ముందుకొచ్చింది. "ఎవరో వేశారులెండి" అన్నాడు.

ఇంటికి వచ్చేదారిలో ఇద్దరికీ నవ్వాగలేదు. పక్కవాళ్ళు చూస్తున్నా సరే, రిక్షాలో కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు.

మరకలు పోవడానికి నిమ్మకాయ రసం పనిచేస్తుందని ఆ అధికారిణే చెప్పింది. బజారులో ఆ వారం నిమ్మకాయ కనిపించలేదంటే అతిశయోక్తి కాదు. పెదనాన్న గడియారాల చక్రాలు తోమే చిన్న బ్రష్షు పట్టుకుని, భూతద్దం బిగించుకుని, దుప్పటి మీద ఒక్కొక్క మరకనూ పలకరించాడు. పెద్దమ్మ వెనకనుంచి రసం పోసింది. ఆయన ఒక దుప్పటి పూర్తిచేసేసరికి ఆమె మూట పూర్తిచేసింది. అయినా ఆయన తోమిన దుప్పటినే పైన పెట్టి లాడ్జీకి పంపింది.

ఆ తర్వాత ఏర్పాటు స్థిరపడింది. నూతికి గట్టు ఎత్తు పెంచి, పైన ఇనుప రేకు మూత వేయించారు. పెదనాన్న రోజూ దాన్ని తెరిచి మూసి సంతోషించేవాడు. ఆ నీళ్ళు ఉతకడానికి. పంపు గొట్టాన్ని మేస్త్రీ పైకి లాగేసి కన్నం గట్టిగా మూసేశాడు. వెళ్ళేముందు, "నేను ఆ రోజే చెప్పబోయానమ్మా" అన్నాడు. "చెప్పబోయావుగానీ చెప్పలేదుగా" అంది పెద్దమ్మ. ఆమెతో మాటల్లో నెగ్గినవాడు ఆ వీధిలో పుట్టలేదు.

బోరు నీళ్ళ కోసం పెదనాన్న రెండు డ్రమ్ములు అమర్చాడు. పై డ్రమ్ములోకి నీళ్ళు జల్లులా పడతాయి. గాలి తగిలి ఇనుమంతా అక్కడే తుప్పవుతుంది. కింది డ్రమ్ములో పేర్చిన గులకరాళ్ళూ, ఇసుకా దాన్ని పట్టేస్తాయి. ఇసుక ఎప్పటికప్పుడు కడగాలి, ఆ పని ఎవరికీ ఇవ్వకుండా తనే చేసుకునేవాడు. ఎండాకాలం నుయ్యి అడుగంటి, చేదలో బురద వస్తున్నప్పుడు లాడ్జీ దుప్పట్లు ఆ డ్రమ్ము నీళ్ళతోనే తెల్లగా గట్టెక్కాయి. ఆ రోజుల్లో ఆయన లేని మీసాన్ని దువ్వుకుంటూ తిరిగాడు. పెద్దమ్మ ఆయన కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసింది. ఆమె మెచ్చుకోవడమంటే అదే.

మెల్లగా, కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు పెద్దమ్మను సలహా అడగడం మొదలైంది. ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగానే ఒక కొత్త జంట వచ్చింది. నుయ్యి తవ్వించాలా, గొట్టం దిగ్గొట్టించాలా, బోరు వేయించాలా అని వాళ్ళిద్దరికీ పడటం లేదట.

పెద్దమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అడిగింది. "మురుగు గుంట ఎక్కడ తవ్వుతున్నారు?" చెప్పారు. "కింద ఇసుకా, రాయా?" తెలుసుకుంటామన్నారు. ఆమె ఆ అమ్మాయిని కాస్త దగ్గరికి పిలిచి, "మీ ఆయనకు యంత్రాలంటే మోజుందా తల్లీ?" అని అడిగింది.

ఆ అబ్బాయి అప్పటికే డ్రమ్ముల దగ్గర చేరి, పెదనాన్న కంటి భూతద్దం తీసుకుని ఇసుకను చూస్తున్నాడు.

"ఉన్నట్టుందండీ" అంది ఆ అమ్మాయి దిగులుగా.

"అయితే నువ్వు నుయ్యి తవ్వించుకో. మిగతావన్నీ వాటంతటవే వస్తాయి" అని పెద్దమ్మ ఇస్త్రీపెట్టె ఎత్తుకుంది.