గోరు ఆగిన చోటు

కుట్టు పూర్తయిన చొక్కా ఏది చేతికొచ్చినా టైలర్ మాస్టర్ మొదట బొటనవేలి గోరును కాలరు అంచు వెంట నడిపిస్తాడు. ఎక్కడో ఒకచోట గోరు ఆగుతుంది. జేబులోంచి సగం బ్లేడు బయటికొస్తుంది. కుట్టు ఊడుతుంది.

వీధిలో ఆయనకి విప్పుడు మాస్టర్ అని పేరు. పెళ్లికని ఇచ్చిన బట్టలు పుట్టబోయేవాడి మొదటి పుట్టినరోజుకి అందుతాయని హాస్యమాడతారు. ఆయన కూడా కాస్త నవ్వి మళ్లీ తల వంచుకుంటాడు.

పక్క మిషన్ మీద తమ్ముడు. పని నేర్పింది మాస్టరే. ఒకరోజు ఆ తమ్ముడు హోటలువాళ్ల చొక్కాలన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చాడు. వచ్చేసరికి బల్ల మీద మాస్టర్ విప్పేసిన కాలర్లు కుప్పగా పడి ఉన్నాయి. చొక్కాల కోసం వచ్చిన హోటలు మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

నూలుపోగంత తేడా ఉందని మాస్టర్ చెప్పబోయాడు.

"ఉంది. నాకూ తెలుసు. వేసుకునేవాడికి తెలీదు," అన్నాడు తమ్ముడు. గొంతు పెంచలేదు. "అన్నయ్యా, ఇంకోసారి నా కుట్టు విప్పితే నా మిషన్ నేను పట్టుకుపోతాను."

అప్పటినుంచి మాస్టర్‌కి ముద్ద దిగడం లేదు. తమ్ముడు అన్నంత పనీ చేస్తాడని తెలుసు. తన చెయ్యి ఆగదనీ తెలుసు. భార్య ఇదంతా చూసింది. ఏమీ వాదించకుండా మనసు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

అక్కడ వరండాలో కూర్చున్నంతసేపూ ఎదురుగా ఉన్న కర్టెన్ అంచు వంకరగా కనిపిస్తూనే ఉంది. చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ.

"నా సంచీలో ఉందిలెండి," అంది భార్య, కర్టెన్ వైపే చూస్తూ.

డాక్టరమ్మ తలనొప్పి గురించీ నిద్ర గురించీ ఒక్క మాటతో సరిపెట్టింది. కుర్రతనంలో ఎలా ఉండేవారు, ఇంట్లో ఎలా ఉంటారు, స్నేహితులెవరు అని నిదానంగా అడిగింది. ఆయన చెప్పుకుపోయాడు. భార్య మడిచిన దుప్పటి మళ్లీ మడుస్తాడు. కత్తెర ఇంకొకరి చేతికివ్వడు. దుకాణం వదిలి ఏ ఊరూ వెళ్లలేదు. కొంత గొప్పగానే మొదలుపెట్టాడు. చెబుతున్నకొద్దీ ఆ గొప్ప కరిగిపోయింది.

"ఇది జబ్బా అమ్మా?"

జబ్బే అయితే ఇన్నేళ్లూ కుట్టిందెవరు? తనా, అదా?

"సరిగ్గా చెయ్యాలనుకోవడం గుణమండీ. చాలామందికి ఉంటుంది," అంది ఆవిడ. "ఆపాల్సినచోట ఆపగలిగితే అది మీ చెప్పుచేతల్లో ఉన్నట్టు. వయసొచ్చినప్పటినుంచీ, ఇంట్లో, పనిలో, ఎక్కడా ఆపలేకపోతూ, దానివల్ల మనుషులు దూరమవుతుంటే అప్పుడు అనుమానించాలి. ఒక్క పూటలో పేరు పెట్టేసేది కాదు. మీ మాట విన్నాను. మీ తమ్ముడి మాటా వినాలి."

"వాడు రాడేమో."

"అడిగారా?"

అడగలేదు. ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. తనే చేసేస్తాడు.

దారిలో భార్య సంచీలోంచి బ్లేడు తీసి ఇవ్వబోయింది. తీసుకోలేదు. ఆమె మొహంలోకి చూస్తే ఏడుస్తుందేమోనని చూడనూ లేదు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడికంటే ముందు వెళ్లి షట్టరు ఎత్తాడు. తమ్ముడి మిషన్ మీద పూర్తయిన చొక్కా ఒకటి వేలాడుతోంది. కాలరు ఎడమ కొస కాస్త కిందికి దిగినట్టుంది. బ్లేడు ఇంట్లో ఉంది. కానీ గోరు ఉందిగా. మాస్టర్ తన కుర్చీలో కూర్చోలేదు. బేరాలకొచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. చేతులు తియ్యకుండానే అడిగాడు:

"డాక్టరమ్మ నిన్నూ రమ్మంది. వస్తావా?"