ఒకే బండిలో ఇద్దరం

ఆ రోజుల్లో నాకు చావంటే లెక్కే లేదు. లేదని నేనే అందరికీ చెప్పుకుంటా తిరిగేవాణ్ణి. ఆళ్లగడ్డలో మా కిరాణా అంగడి ముందర ఎవరి పాడె పోతాన్నా మా నాయన గబగబా షట్టరు సగం కిందికి లాగి, లోపలే నిలబడి చేతులు జోడించేవాడు. నేను మాత్రం బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకొని, పెండ్లి ఊరేగింపు చూసినట్టు చూసేవాణ్ణి. "లోపలికి రారా, ఎదురు నిలబడకూడదు" అని నాయన పళ్లు కొరికితే, "ఎప్పుడో ఒకప్పుడు అందరం పోయేటోళ్లమే కదా నాయనా, దానికేంది?" అని పెద్ద వేదాంతి మాదిరి జవాబిచ్చేవాణ్ణి. డిగ్రీ అయిపోయి, గల్లాపెట్టె పక్కన కూర్చోవడం కొత్తగా మొదలుపెట్టిన వయసు. వేదాంతం చెప్పడానికి అంతకంటే అర్హత ఏం కావాల? ఆ వేదాంతం ఎంత గట్టిదో తేల్చడానికి దేవుడు పెద్దగా కష్టపడలే. ఒక దోమను పంపించినాడు.

డెంగీ. ఒళ్లంతా విరిచి కట్టెల మోపు కట్టినట్టయితే నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినారు. ప్లేట్లెట్లు పడిపోతాండాయని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో ఇంకో మాటే లేదు. (అంతవరకు ప్లేట్లెట్లంటే ఏందో మా వంశంలో ఎవరికీ తెల్దు. వారం తిరక్కుండానే మా అమ్మ వాటి గురించి కందిపప్పు ధర మాట్లాడినంత సులువుగా మాట్లాడటం నేర్చుకునింది. "నిన్నటికంటే కొంచెం ఎక్కినాయంట వదినా, ఇంగ దిగవంటలే" అని ఫోన్లో చెప్తాంటే వినాల.) ఎవరెవరో చెప్పినారని బొప్పాయి ఆకు రసం పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. అది తాగినోళ్లకే తెలుస్తుంది, చావు కూడా అంత చేదుగా ఉండదేమో అనిపిస్తుంది.

గదిలో రెండు మంచాలు. రెండో మంచం మీద ఉయ్యాలవాడ తట్టు నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు. నేను తాతా అని పిలిచేవాణ్ణి. ఒకప్పుడు మంచి ఆజానుబాహువు అయ్యుంటాడు. అప్పటికి కడుపు మాత్రం బానలాగ ఉబ్బి, కాళ్లు చేతులు పుల్లలయిపోయి, కండ్లు పసుపు రంగుకు తిరిగినాయి. నోరు మాత్రం ఏ జబ్బూ అంటుకోకుండా భద్రంగా ఉండాది. నర్సు సూది పట్టుకొస్తే "ఏందమ్మా, నన్ను గోనెసంచి అనుకుంటాండావా, దబ్బనంతో కుడతాండావు?" అనేవాడు. గంజి తెస్తే గిన్నె మూత తెరిచి చూసి, మళ్లీ మూసి, "ఇది తాగి బతికేదానికంటే తాగకుండా పోయేది మేలు" అనేవాడు. ఆయన కొడుకు, నలభై ఏండ్ల మనిషి, మంచం పక్కన స్టూలు మీద కూర్చొని నేల చూస్తాండేవాడు.

నాకు జ్వరం దిగింది. ప్లేట్లెట్లు ఎక్కినాయి. ఆకలి కూడా అయింది. అట్లా ఒక పొద్దున డాక్టరు రౌండ్లకొచ్చి, నా రిపోర్టు చూసి, "రేపు ఇంటికి పోవచ్చులే" అన్నాడు. సంతోషపడాల్సిన మాట. అయితే అనేసి ఊరుకోలే, మా నాయనను పక్కకు పిలిచి వరండాలోకి తీసుకపోయినాడు. మాట్లాడొచ్చి మా నాయన పై పంచెతో మొకం తుడుచుకుంటా వచ్చినాడు. కొంచేపయినాక అదే డాక్టరు తాత కొడుకును కూడా పిలిచి అదే వరండాలోకి తీసుకపోయినాడు. ఆయనొచ్చి గోడ తట్టు తిరిగి నిలబడినాడు. తాతను కూడా రేపే పంపిస్తాండారని నర్సు చెప్పింది.

మా తట్టు ఒక పద్ధతి ఉంది. ఇంగ లాభం లేదనుకున్న మనిషిని ఆసుపత్రిలో పోనీరు. ఊపిరుండంగానే ఇంటికి తెచ్చి, ముందర పడసాలలో పడుకోబెట్టి, అడిగింది నోట్లో పెట్టి, కావలసినోళ్లను పిలిపిస్తారు. సొంత గడపలో పోవాల, అంతే. మా అవ్వను అట్లే తెచ్చినారు, మా పెదనాయనను అట్లే తెచ్చినారు. ఆసుపత్రి నుంచి ఇంటికి రావడమంటే నా మనసులో ఉన్న బొమ్మ అది ఒక్కటే. అయినా నేను దాని గురించి ఆలోచించే వాణ్ణి కాదేమో గానీ, మా నాయన మంచం అంచున కూర్చొని, నా కాలు మీద చెయ్యి వేసి, "ఏం తింటావురా?" అని అడిగినాడు. పుట్టి బుద్ధెరిగినాక మా నాయన నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. (మా ఇంట్లో పెట్టింది తినాల, అడగడమనే అలవాటు లేదు.) అదే పొద్దు మధ్యాహ్నం మా చిన్నాయన నందికొట్కూరు నుంచి వచ్చినాడు. ఆస్తి భాగాల కాడ మాట తేడా వచ్చి ఆయన మా గడప తొక్కి చానా ఏండ్లయింది. వచ్చి, నన్ను చూసి, "ఎట్లుండావురా నాయనా" అని కండ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. సాయంత్రం మా అమ్మ "నేను ముందు పోయి ఇల్లు సర్దుతా, పడసాలలో మంచం వేయిస్తా" అని బస్సెక్కి వెళ్లిపోయింది. ఇంగ నాకు ఏం చెప్పాల్సిన పని లేదు.

గుండె మొదలుపెట్టింది. ఊరికే దడ కాదు. లోపల ఎవరో రోకటితో దంచినట్టు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, పెదాలు మొద్దుబారినాయి, ఊపిరి గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతాండాది, ఎంత లాగినా కిందికి దిగదు. చెమటలు. కాళ్లు వాటంతటవి వణుకుతాంటే మంచం ఇనుప కాళ్లు నేల మీద టకటకమని కొట్టుకున్నాయి. నర్సు పరిగెత్తుకొచ్చింది, డ్యూటీ డాక్టరొచ్చింది, ఇసిజి తీసినారు. కాగితం చూసి ఆమె, "ఏం లేదు, అంతా బాగుంది. ఇంటికి పోయే ముందర చానా మందికి ఇట్లయితుంది. భయమంతే" అనింది. భయమంట! షట్టరు బయట నిలబడే నాకు! ఇంకోసారి తీయమని బతిమాలినా. తీసింది పాపం. మళ్లీ అదే మాట. వీళ్లు కూడా నాకు దాచిపెడతాండారని ఖాయం చేసుకున్నా.

నాయన కాఫీకి కిందికి పోయినప్పుడు, తాత కొడుకు మందుల కోసం పోయినప్పుడు, ఇద్దరమే మిగిలినాము.

"ఏంరా పిల్లోడా, మంచం ఊపుతాండావ్? దేవుడేమన్నా పూనినాడా?" అన్నాడు తాత.

"నన్ను సచ్చేదానికే ఇంటికి పంపిస్తాండారు తాతా."

తాత నా తట్టు తల తిప్పినాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టినాడు. ఆ నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమయి, ఎట్లనో తేరుకొని, "సావుకు కూడా నాతో పోటీకొచ్చినావేంరా?" అన్నాడు.

"మా నాయనను వరండాలోకి పిలిచినారు. వచ్చి నన్ను ఏం తింటావని అడిగినాడు."

తాత నవ్వు ఆగిపోయింది. "మా వోడూ నన్ను అదే అడిగినాడు" అన్నాడు మెల్లగా. ఆ మాటతో నాకు మిగిలిన కొంచెం ధైర్యం కూడా కారిపోయింది.

"నువ్వేం చెప్పినావు తాతా?"

"బొరుగుల ఉగ్గాని, బజ్జి కావాలంటి. గంజి పోసి పోసి నా నాలుకను ముందే సంపినారు."

"నీకు భయం లేదా?"

"ఉండాది. ఎందుకుండదు?" అన్నాడు. కండ్లు మూసుకొని, దుప్పటి గొంతు దాకా లాక్కున్నాడు.

మరుసటి దినం మంచి ముహూర్తాలంట. నంద్యాలలో నాలుగు చక్రాలున్న ప్రతిదీ పెండ్లికి పోయింది. నాయన ఎంతమందికి ఫోన్ చేసినా ఒక్క బండి దొరకలే. తాతకు మాత్రం వాళ్లూరి నుంచే వ్యాను వచ్చింది, లోపల సీట్ల మీద పరుపు పరిచి. తాత కొడుకు మా నాయన దగ్గరికొచ్చి, "అన్నా, మా బండి ఆళ్లగడ్డ మీదనే పోతాది. మీరూ ఎక్కండి" అన్నాడు. నాయన తటపటాయించినాడు. ఆయన గొంతు తగ్గించి, "దావలో ఏమన్నా అయితే నాకొక్కనికే భయమన్నా" అన్నాడు. పాడె కనపడితే షట్టరు లాగే మా నాయన, మా బట్టల సంచి చేతికి తీసుకొని, "సరేప్పా, పోదాం" అన్నాడు. నన్నొక మాట అడగలే. పోయే మనిషి బండిలో, పోయే మనిషి కాళ్ల దగ్గర, మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నా. ఆయన పాదాలు నా తొడకు తగులుతాండాయి. చల్లగా ఉండాయి.

ఊరు దాటినామో లేదో నాకు మళ్లీ మొదలయింది. కిటికీ అద్దం దింపినా గాలి చాలలే. చేతులు కొంకర్లు పోయినాయి. "నాయనా, బండి తిప్పించు, ఆసుపత్రికి పోదాం, నాకు ఊపిరాడలే" అని కేకపెట్టినా. డ్రైవరు అద్దంలో వెనక్కి చూసినాడు. ప్రశాంతంగా పండుకోనుండే తాతను చూసినాడు, గిలగిలలాడే నన్ను చూసినాడు. "అన్నా, పేషెంటు ఎవరు?" అని అడిగినాడు నాయనను. నాయన నా వైపు తిరిగి "డాక్టరు బాగుందన్నాడు కదరా, బాగుందన్నాడు కదా" అని అదే మాట అంటాండాడు. పై పంచె తీసి మళ్లీ మొకం తుడుచుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, వరండా నుంచి మొకం తుడుచుకుంటా వచ్చింది బిడ్డ దక్కినాడనే ఏడుపని. తెలిసినా గుండె వింటుందా? వినలే.

"శిరివెళ్ళలో ఆపురా" అన్నాడు తాత, కండ్లు తెరవకుండానే.

ఆపినారు. రోడ్డు పక్క హోటల్లో ఆయన కొడుకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చినాడు. పొట్లం విప్పంగానే వేయించిన తిరగమాత వాసన, పచ్చిమిరప ఘాటు బండంతా నిండింది. కొడుకు తండ్రి తల ఒళ్లోకి తీసుకొని, రెండు వేళ్లతో చిటికెడు తీసి నోట్లో పెట్టినాడు. తాత నమిలినాడు. నమిలినాడు, నమిలినాడు, అది లోపలికి పోలే. గొంతు రెండుసార్లు కదిలి ఆగిపోయింది. కొడుకు వేలు పెట్టి, మెల్లగా, పసిపిల్లోనికి తీసినట్టు ఆ మెతుకులను బయటికి తీసినాడు. బండిలో ఎవరమూ ఒకరి మొకం ఒకరం చూసుకోలే. డ్రైవరు దిగిపోయి రోడ్డు తట్టు తిరిగి నిలబడినాడు.

తాత నా తట్టు చూసినాడు. "నువ్వు తినురా. నేను సూస్తా."

"నాకు గొంతు దిగదు తాతా."

"దిగకపోతే కక్కుదువు. తిను."

ఆ గొంతుకు భయపడి తిన్నా. మొదటి ముద్ద ఇసుక మాదిరి ఉండె. రెండోది కొంచెం మెత్తబడింది. బజ్జీ కొరికితే మిరపకాయ నషాళానికి అంటింది. కండ్లు, ముక్కు ఒకేసారి కారినాయి. ఏది కారమో ఏది ఏడుపో నాకే తెల్దు. "ఉప్పు సరిపోయినాదా?" అన్నాడు తాత. సరిపోయిందన్నా. "బజ్జీలో కారముండాదా?" "మండిపోతాండాది తాతా." "అట్లుండాల." నేను నమిలేకొద్దీ ఆయన దవడ కూడా కొంచెం కొంచెం కదుల్తాండాది. పొట్లమంతా తినేసినా. నాయన కోసం తెచ్చింది కూడా తినేసినా. (పది దినాల పథ్యం తర్వాత మనిషి ఎట్ల తింటాడో చెప్పాలంటే సిగ్గు.) చేతులు నాక్కుంటాంటే తాత అన్నాడు: "సచ్చేటోడు ఇట్ల తినడ్రా. నాకు తెల్సు కదా."

ఆళ్లగడ్డ దగ్గర పడినాక గమనించినా, గుండె ఎప్పుడో సర్దుకునింది. ఎప్పుడు సర్దుకునిందో నాకు తెల్దు.

మా ఇంటి ముందర బండి ఆగింది. అమ్మ పళ్లెంలో ఎర్రనీళ్లు కలుపుకొని, మధ్యలో కర్పూరం వెలిగించి, వాకిట్లో నిలబడి ఉండాది. నన్ను దింపి, నిలబెట్టి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటా తిప్పింది. తిప్పినాక ఆ నీళ్లు వీధిలో పోయాల. వెంటనే పోయలే. బండి లోపల పండుకోనుండే మనిషిని చూసింది. ఒక్క చూపులో ఆమెకు అర్థమయిందని ఆమె మొకంలోనే తెలిసింది. నాయన "ఏమే..." అని ఆపబోయినాడు. ఆమె వినిపించుకోకుండా ఆ నీళ్లు వీధిలో పారబోసి, ఇంట్లోకి పోయి, కొత్తగా ఇంకో పళ్లెం కలుపుకొని వచ్చింది. బండి తలుపు దగ్గర నిలబడింది.

"నాకెందుకు తల్లీ?" అన్నాడు తాత. "నాకింగ ఎవరు దిష్టి పెడతారు?"

"ఆసుపత్రి నుంచి ఇంటికి పోతాండారు కదా పెద్దాయనా. ఉత్తగా ఎట్ల పోతారు?" అనింది అమ్మ. నిదానంగా, నాకు తిప్పినట్టే, అవే మాటలంటా తిప్పింది. ఆ నీళ్లలో వేలు ముంచి నుదుటిన బొట్టు పెట్టింది. నంద్యాలలో ఒక్క చుక్క కన్నీరు కార్చని ఆ కొడుకు అప్పుడు ఏడ్చినాడు, గొంతెత్తి, వీధిలో అందరూ చూస్తాండంగా. తాత మాత్రం ఏడవలే. మా అమ్మకు చేతులు జోడించాలని చూసినాడు. ఒక చెయ్యే లేచింది. "పోనీరా ఇంగ, ఇంటికి" అన్నాడు డ్రైవరుతో.

ఆ వారంలోనే పోయినాడు, వాళ్ల పడసాలలో. నేను బతికినా. ఇంతకాలం బతికి, అంగడి చూసుకుంటా, పిల్లలను బడికి దింపుతా, ఇప్పటికీ అప్పుడప్పుడూ ఏ కారణం లేకుండా ఊపిరి గొంతులో ఆగినట్టయి చెమటలు పడతాయి. అది భయమని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన రాకుండా పోదు. వచ్చినప్పుడు ఆ వ్యానులో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న పిల్లోడు యాదికొస్తాడు. నిజంగా పోయే మనిషి కాళ్ల దగ్గర కూర్చొని, ఆ మనిషి చేతనే ధైర్యం చెప్పించుకొని, ఆయన కడపటి తిండి కూడా లాగించిన వెధవ. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వి, కొంచేపు గమ్మున కూర్చుంటా.