కేస్ షీట్‌లో నేను రాయని మాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మాట. పలాసలో ఒక పిల్లల డాక్టరు గారి క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. అప్పటికి పదకొండేళ్ల సర్వీసు. పిల్లలు డాక్టరు గారి గదిలోకి వెళ్లే ముందు బరువు, జ్వరం చూసి, ఇబ్బందేమిటో అడిగి కేస్ షీట్ మీద రాయడం నా పని. ఆయన ముందుగా చూసేది ఆ కాగితాన్నే.

వానాకాలం. హాలు నిండా దగ్గులూ ఏడుపులూ. అక్కుపల్లి నుంచి ఒక మామ్మ రెండేళ్ల మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పాప పేరు యామిని. తండ్రి సముద్రంలో చేపల వేటకెళ్లాడట, తల్లి లక్ష్మి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికెళ్లిందట.

"ఏమైంది?"

"దగ్గమ్మా. నిన్న జీడిబద్ద నోట్లో ఏసుకుంది గుంట. ఊపిరాడక మొకం నల్లబడిపోనాది. నానే ఈపు మీద కొట్టినాను."

"కక్కేసిందా?"

"కొంత కక్కినాది..."

"కక్కేస్తే ఇంకేం లేదు మామ్మా. పక్కకు జరుగు, వెనక జనం ఉన్నారు."

‘దగ్గు, ఒక రోజు’ అని రాశాను. అంతే రాశాను. ఆ ‘కొంత’ అనే మాట నాకు వినబడలేదని చెప్పను. వినబడింది.

పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే స్టెతస్కోప్‌లో ఏమీ సరిగా తెలియలేదు. దగ్గు మందు రాసి పంపారు. వారానికి జ్వరంతో మళ్లీ వచ్చారు. యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడోసారి వచ్చేసరికి మూడు వారాలైంది. ఈసారి లక్ష్మి కూడా వచ్చింది. పాప డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా మూసుకుపోయింది.

"ఏదైనా తింటూ పొలమారిందా?" అన్నారు డాక్టరు గారు.

"సెప్పినాను బాబూ, మొదటి రోజే," అంది మామ్మ.

"ఎవరికి చెప్పావు? నాకు తెలిస్తే అలా పంపేవాడినా?" ఆయన గొంతు పెరిగింది.

మామ్మ నా వైపు చూసింది. నేను నెబ్యులైజర్ గొట్టం సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

"ఏటో బాబూ... సెప్పినాననుకున్నాను," అంది ఆమె.

లక్ష్మి అత్తగారి వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

విశాఖలో బ్రాంకోస్కోపీ చేశారు. అంటే సన్నని గొట్టం గొంతులోంచి ఊపిరి దారిలోకి పంపి లోపల ఇరుక్కున్నది తీయడం. జీడిపప్పు బద్ద ముక్క బయటికొచ్చింది. పాప బతికింది. కానీ అన్నాళ్లు చీము పట్టిన ఆ భాగం మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు యామిని బడికెళ్తోంది. నాలుగడుగులు పరిగెడితే ఆయాసం. జలుబు చేస్తే చాలు, మా దగ్గరికి రావాల్సిందే.

విశాఖ నుంచి వచ్చాక లక్ష్మి ఒక్కతే పాపను చూపించడానికి తెచ్చింది. మామ్మ ఏదని అడిగాను.

"డొంకూరులో కూతురి దగ్గరికెల్లిపోనాది మేడం. నా పిల్లని సంపేద్దావనుకున్నావా అన్నాను. ఒక్క మాటా తిరిగి అన్లేదు."

ఇక నా వల్ల కాలేదు. జరిగిందంతా డాక్టరు గారి ఎదుటే లక్ష్మికి చెప్పేశాను. ఆయన పెన్ను కింద పెట్టి, "మీరు రాయలేదు, నేను అడగలేదు," అన్నారు. "ఎక్స్‌రే చూసిన రోజే చెప్పాల్సింది సిస్టర్," అని కూడా అన్నారు. లక్ష్మి నన్ను తిట్టలేదు. "మరి నాను అత్తకి ఏటి సెప్పుకోవాల?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం నేనూ లక్ష్మీ డొంకూరు వెళ్లాం. మామ్మ చేపలు ఎండేస్తోంది. కోడలు కాళ్ల మీద పడితే లేవదీసింది. నేను చేతులు జోడిస్తే పట్టుకుని దించింది.

"ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు మామ్మా?"

"నీ పని పోద్దేమోననుకున్నానమ్మా. నీకూ పిల్లలుంటారు గదా."

మాతో మాత్రం రాలేదు. "పిల్లని సూసుకునే దైర్యం పోనాదే," అంది లక్ష్మితో.

ఇప్పుడు ఎవరేం చెప్పినా వాళ్ల మాటల్లోనే రాస్తాను, ఎంత జనం ఉన్నా. కొత్తగా చేరే నర్సులకూ అదే చెబుతాను. కానీ నన్ను ఇప్పటికీ తినేసేది రాయకపోవడం కాదు. ఆ హడావిడిలో ఎవరైనా తప్పు చేయొచ్చు. మూడు వారాల తర్వాత, నిదానంగా, తెలిసి తల దించుకున్నాను చూడండి, అది. ‘నాతో చెప్పింది డాక్టరు గారూ’ అనడానికి ఎంతసేపు పడుతుంది?