డెల్ఫీ అత్త జేబులో పిస్తోలు

డెల్ఫియా కాడిల్‌ని మా లోయలో అందరూ డెల్ఫీ అత్త అంటారు. వరసకి అత్త కానివాళ్ళకి కూడా అత్తే. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ కెంటకీ కొండదారుల్లో స్కూలు బస్సు తోలింది. స్టీరింగు తిప్పాలంటే భుజాలు ఊడి చేతికొచ్చే రోజుల్లో కూడా ఒక్క పిల్లాడి మోకాలు చెక్కుకుపోనివ్వలేదు. జిల్లా సంతలో ఎండుచిక్కుళ్ళకి ఏటేటా మొదటి బహుమతి నీలిరిబ్బను ఆమెదే. ఒక్క గది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆఖరి ఏడు స్పెల్లింగుల పోటీలో ఆర్విల్ కోంబ్స్‌ని ఓడించింది. ఆమెతో కూర్చుని ఒక గ్లాసు మజ్జిగ తాగినవాళ్ళెవరికైనా ఈ మూడు సంగతులూ తెలియకుండా ఉండవు.

నాలుగోది మాత్రం ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా పెద్దది అదే. పైకి చెప్పుకోవడానికి వీల్లేకపోవడమే ఆమె బాధ.

వాళ్ళ ఇంటి వెనక కొండకి ఉత్తరపు వాలులో, పోప్లర్ చెట్ల నీడన, ఒక జిన్సెంగ్ తోట ఉంది. తోట అంటే కంచె, గేటు ఉండేది కాదు. బోలెడు ధర పలికే ఆ మందువేరు మొక్క అడవిలో అడవిలాగే పెరగాలి. మొదటి ఎర్రపళ్ళు ఆమె తల్లి ఇచ్చింది. వాటిని బొటనవేలితో మట్టిలోకి నొక్కినప్పుడు డెల్ఫీకి ఇంకా పెళ్ళి కాలేదు. అప్పట్నుంచి ప్రతి శరదృతువులో పండిన పండు పండినట్టు అక్కడే నాటుతూ, పెద్దవాటిలో కొన్నిటినే తవ్వుతూ, వాలంతా నింపింది. కన్నబిడ్డలు లేరు. మొగుడు పోయాడు. ఆ వాలు మిగిలింది.

మా దగ్గర మనిషి వయసు అడగొచ్చు, జబ్బు అడగొచ్చు, ఆఖరికి మొగుడూపెళ్ళాల గొడవేమిటని కూడా అడగొచ్చు. వేరు ఎక్కడ తవ్వుతావని మాత్రం అడగకూడదు. అన్నదమ్ములు కూడా అడగరు. డెల్ఫీ ఆ తోటకి వెళ్ళిన దారిన రెండోసారి వెళ్ళదు. కారు శ్మశానం దగ్గర ఆపి, మొగుడి సమాధి మీద పువ్వులు పెట్టి, అటునుంచి అటే కొండెక్కుతుంది. పాపం, మొగుడంటే ఎంత ప్రేమో అని ఊరంతా అనుకుంటుంది. ప్రేమ లేదని కాదు.

ఆ ఏడు ఆగస్టు చివర్లో వెళ్ళి చూసింది. వాలు పైభాగంలో మొక్కలకి తలల్లేవు. ఆకులు లేవు, పళ్ళు లేవు, ఉత్త కాడలు. జింక మేస్తే కాడ పీచులు పీచులుగా చీలుతుంది. ఇవి గోటితో గిల్లినట్టు శుభ్రంగా తెగి ఉన్నాయి. పక్కనే తడి మట్టిలో బూటు అచ్చు. కాడల మొదట్లో వేలుపెట్టి చూసింది. మొక్కల వేళ్ళు మట్టిలోనే ఉన్నాయి, కదలలేదు.

మరొకళ్ళయితే "హమ్మయ్య" అనుకునేవాళ్ళు. డెల్ఫీ అనుకోలేదు. 'తవ్వకాలు మొదలయ్యేది సెప్టెంబరు ఒకటిన. ఈలోపు తవ్వితే చట్టం పట్టుకుంటుందని దొంగకి తెలుసు. అందుకే తలలు గిల్లాడు. నాకు కనబడకూడదు, వాడికి గుర్తుండాలి. రేపు ఒకటో తారీకున వచ్చి తాపీగా తవ్వుకుపోతాడు' అనుకుంది. కొండ దిగేలోపు ఎదురైన ప్రతి మనిషి బూట్లనీ చూసింది. పాస్టరుగారి బూట్లు కూడా.

ఇంట్లో గుమ్మం మీద మొగుడి పొడుగు తుపాకీ ఉంది. దాన్ని భుజాన వేసుకుని అడవిలోకి పోతే, ఇక్కడ కాపలా కాయవలసిందేదో ఉందని దండోరా వేసినట్టే. నడుముకి కట్టుకున్నా అంతే. ఎవరికీ కనబడనిది కావాలి. జేబులో పడి, గౌను ఒక పక్కకి వేలాడకుండా ఉండేది కావాలి. అందుకని హోబర్ట్ స్లోన్ కొట్టుకి వెళ్ళింది.

హోబర్ట్ కొట్టులో చేపల ఎర, వేట లైసెన్సులు, తుపాకులు అమ్ముతాడు. శరదృతువు వస్తే ఊళ్ళోవాళ్ళు తవ్విన వేళ్ళన్నీ కొనేది కూడా అతనే. అంటే డెల్ఫీ వేళ్ళు ఎంత లావో, ఎంత ముసలివో లోకంలో తెలిసింది అతనొక్కడికే. ఆమె ముందు అతని కాళ్ళ వైపు చూసింది. చెప్పులు వేసుకున్నాడు. ఇవాళే ఎందుకు చెప్పులు వేసుకున్నాడో అనుకుంది.

"డెల్ఫీ అత్తా! రా రా. ఏం కావాలి?"

"చిన్న పిస్తోలు. జేబులో పట్టేది."

"ఏ జేబు? గౌను జేబా, కోటు జేబా?"

"జేబంటే జేబే. నీకెందుకురా?"

"జేబుని బట్టే పిస్తోలు అత్తా. ఎక్కడికి వేసుకెళ్తావు?"

డెల్ఫీ కళ్ళు చిన్నవయ్యాయి. "చర్చికి."

"మన పాస్టరుగారి ప్రసంగం అంత భయంకరంగా ఉంటోందా?"

"నవ్వకు. నిన్ను రెండో తరగతి నుంచి బస్సెక్కించాను. ఒకసారి నువ్వు సీటు తడిపితే ఎవరికీ చెప్పలేదు. ఇవాళ్టిదాకా."

పక్కన ఎర పురుగుల డబ్బా ఏరుకుంటున్న ముసలాయన గట్టిగా దగ్గాడు. హోబర్ట్ గొంతు తగ్గించి, అద్దాల బల్ల మీద ఒక పలచటి నల్ల పిస్తోలు పెట్టాడు. "ఇది అందరూ కొనేది. తూటా మరీ చిన్నది కాదు. ఖాళీయే, నేను చూశాను, నువ్వూ చూడు. ఇదిగో, ఈ పైభాగాన్ని వెనక్కి లాగితేనే తూటా గొట్టంలోకి వెళ్తుంది. లాగు."

ఆమె లాగింది. కదల్లేదు. బొటనవేళ్ళ కీళ్ళు వాచి రెండేళ్ళవుతోంది. పళ్ళు బిగించి మళ్ళీ లాగింది. సగం వచ్చి టప్పున మళ్ళీ ముందుకి పోయింది.

"పవర్ స్టీరింగు లేని బస్సు తోలిన చేతులివి. నీ సామానే తుప్పు పట్టింది."

"తుప్పే అయ్యుంటుందిలే అత్తా," అంటూ హోబర్ట్ దాన్ని లోపల పెట్టేశాడు. వీడు నా బలమెంతో చూస్తున్నాడు అనుకుంది డెల్ఫీ.

తరవాత ఒక బుల్లి రివాల్వరు ఇచ్చాడు. అందులో లాగేదేమీ లేదు, కానీ ట్రిగ్గరు మొండి గాడిదలాంటిది. రెండు వేళ్ళు పెట్టి నొక్కితే గురి కిటికీ మీంచి గుమ్మం మీదికి పోయింది. ఇంకొకటి అరచేతిలో దాగిపోయేంత చిన్నది. "ఇది ఈగల్ని తోలడానికా?" అంది.

అప్పుడు హోబర్ట్ లోపల్నించి ఒక పాతది తెచ్చాడు. అరచేతికి కొంచెం మించి ఉంది, అంచులన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. పక్కనున్న చిన్న మీట నొక్కాడు. గొట్టం వెనక కొస టక్కున పైకి లేచింది. "తూటా నేరుగా ఇందులో పెట్టు, మూసెయ్. లాగే పనే లేదు. ముప్ఫైరెండు నంబరు తూటా. చిన్నదని తీసిపారెయ్యకు. తగిలిన చిన్న తూటా తగలని పెద్ద తూటాకన్నా పెద్దదే."

డెల్ఫీ మీట నొక్కింది. లేచింది. మూసింది. మొహం వెలిగిపోయింది. కొట్టు వెనక మట్టికట్ట దగ్గరికి వెళ్ళి కాఫీ డబ్బాని కాల్చింది. డబ్బా ఎగిరి పడింది. ఆమె లెక్కలో అది అయిదో ఘనకార్యం, హోబర్ట్ లెక్కలో నాలుగోది.

"ఇక ఒర. జేబులో పెట్టే తోలు ఒర ఇస్తాను. ట్రిగ్గరుని కప్పి ఉంచుతుంది. మరీ ముఖ్యంగా, వంగే పని ఉంటే జారిపోకుండా పట్టుకుంటుంది. మోకాళ్ళ మీద కూర్చునే పని ఏమైనా..."

"వంగనురా నేను!" అని డెల్ఫీ ఒక్క కేక పెట్టింది. వంగడం, మోకాళ్ళు, మట్టి! ఇంకేం మిగిలింది, కొండ పేరొక్కటే అడగలేదు. "చర్చిలో వంగేదేముంది? బెంచీలున్నాయి. ఒర వద్దు."

"పోనీ జేబులో ఇంకేమీ పెట్టకు, తాళాలూ అవీ. ఒర లేకుండా గొట్టంలో తూటా మాత్రం ఉంచకు."

ఆ రెండు మాటలకి తలూపింది. ఆ రెండూ పాటించింది కూడా. అనుమానపు మనిషే గాని బుద్ధిలేని మనిషి కాదు.

రెండ్రోజుల తరవాత ఆప్రాను జేబులో పిస్తోలు వేసుకుని, శ్మశానంలో పువ్వులు పెట్టి, కొత్త దారిన కొండెక్కింది. కొత్తగా ఎవరూ రాలేదు. తలలు పోయిన మొక్కల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క వేరు మెడ దగ్గర మట్టి తోసి తడిమి చూసుకుంది. మళ్ళీ ఆకులు కప్పింది. ముసలి తల్లి నిద్రపోతున్న పిల్లల మీద దుప్పటి సర్దినట్టు వాలంతా సర్దుకుంటూ దిగింది.

ఇంటికొచ్చి మొక్కజొన్న రొట్టె పొయ్యి మీంచి దింపుతూ, చెయ్యి తుడుచుకుందామని జేబులో పెట్టింది. జేబు ఖాళీ.

జేబు తిరగేసి చూసింది. ఎక్కడ జారిందో వేరే చెప్పాలా? వంగిన చోటే. అప్పటికి పొద్దు కొండ వెనక్కి పోయింది. ఆ వాలుని చీకట్లో ఎక్కితే మెడ విరుగుతుంది. పిస్తోలు పోతే పోయింది. దొంగ చేతికి దొరికిందంటే? తోటా వాడిదే, తన పిస్తోలూ వాడిదే.

తెల్లారి బూట్లు వేసుకుంటుంటే, బాటలో ఆర్విల్ కోంబ్స్ వస్తూ కనిపించాడు. పక్క పొలం వాడు. బళ్ళో పక్క బెంచీ వాడు. స్పెల్లింగుల పోటీలో రెండో వాడు. ఏళ్ళ తరబడి ఈ ఇంటి మెట్టెక్కనివాడు ఇవాళ పొద్దున్నే వస్తున్నాడు, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని. డెల్ఫీ అతని బూట్లు, బాట మీద పడుతున్న వాటి అచ్చు చూసింది. తోటలో పడిన అచ్చే అది, ఆమెకి అచ్చుగుద్దినట్టు గుర్తుంది.

వరండా అంచున నిలబడి తన చెయ్యి కూడా ఆప్రాను జేబులో పెట్టింది. ఖాళీ జేబులో వేలు ముందుకి చాపింది. గుడ్డ పొడుచుకొచ్చింది.

"అక్కడే ఆగు ఆర్విల్. నా చేతిలో ఏముందో తెలుసా?"

"తెలుసు. చేతిరుమాలు." ఆర్విల్ జేబులోంచి పిస్తోలు తీసి, గొట్టం ఆకాశం వైపు పెట్టి చూపించాడు. "పిస్తోలు నా దగ్గరుంది. ఇదిగో, తూటాలు ఈ జేబులో వేరే. ఏ పిల్లాడికో దొరకలేదు, సంతోషించు."

డెల్ఫీ చెయ్యి తియ్యలేదు. తియ్యడం మరిచిపోయింది. "ఎక్కడ దొరికింది?"

"అడక్కూడదు కదే మనలో మనం. నువ్వే అడుగుతున్నావు."

"నా మొక్కల తలలు గిల్లింది నువ్వే."

"నేనే. పైజిల్లా నంబరు ట్రక్కులో ఇద్దరు వాగు పొడుగునా తిరుగుతున్నారు ఆగస్టంతా. నీ పళ్ళు ఎర్రగా దీపాల్లా వెలుగుతున్నాయి, గుడ్డివాడికి కూడా కనబడతాయి. దారి పక్కవన్నీ గిల్లాను. పళ్ళు అక్కడికక్కడే నొక్కాను. లోతు బొటనవేలి గోరంత, నువ్వు నొక్కినట్టే."

"నేనెలా నొక్కుతానో నీకెలా తెలుసు?"

"ఆవు తప్పిపోయి వెతుక్కుంటూ వెళ్ళాను. మీ ఆయన బతికున్న రోజుల్లో."

"అంటే ఇన్నేళ్ళూ..."

"ఇన్నేళ్ళూ."

కోడి ఒకటి ఇద్దరి మధ్యనుంచి నడిచి వెళ్ళింది. డెల్ఫీ బుర్ర బస్సు గేరులా కరకరలాడింది. కంచే చేను మేసిన కథలు ఆమె చాలా చూసింది. "నా కంట పడకుండా దాచి, ఒకటో తారీకున నువ్వే తవ్వుకుందామని కాదని నమ్మేదెలా?"

"నమ్మకు," అన్నాడు ఆర్విల్. పిస్తోలు మెట్టు మీద, తూటాలు పక్కన రుమాలులో పెట్టాడు. "ఊరుకుంటే నాకు తోట తెలుసన్న సంగతి నీకు తెలిసేది కాదు. పిస్తోలు తేకుండా ఊరుకోవడానికి ఒక్క క్షణం కూడా పట్టదు, తేవాలని తేల్చుకోవడానికి రాత్రంతా పట్టింది." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ స్పెల్లింగుల పోటీలో నాకిచ్చిన పదం నీకిచ్చిన దానికన్నా కష్టమైంది. ఇప్పటికీ అంటాను."

"ఓడినవాడు ఇంకేమంటాడు!"

ఒకటో తారీకు తెల్లారింది. డెల్ఫీ కారులో వెళ్తూ చూసింది. ఆర్విల్ తన ఇంటి ముందు, రోడ్డుకి ఎదురుగా కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు వలుస్తున్నాడు. మధ్యాహ్నం మరో దారిన తిరిగొచ్చి దూరంనుంచి చూసింది. అదే కుర్చీ. అదే బుట్ట. వచ్చేపోయే ప్రతి ట్రక్కుకీ చెయ్యెత్తుతూ, నేనిక్కడే ఉన్నానని లోయకంతా సాక్ష్యం చెబుతున్నట్టు కూర్చున్నాడు. పైన ఒక్క వేరు కూడా పోలేదు. తలలేని కాడల కింద ముసలివేళ్ళు ముసలివేళ్ళలాగే ఉన్నాయి. ఆ ఏడు వాటిలో తవ్వి తెచ్చిన కొన్నిటి లావు చూసి హోబర్ట్ ఈల వేశాడు.

"ఒర ఇవ్వరా," అంది డెల్ఫీ.

"చర్చిలో వంగాల్సొచ్చిందా అత్తా?"

"వంగుతాను. మోకాళ్ళ మీద కూర్చుంటాను. మట్టిలో. ఎక్కడని అడిగావంటే ఆ తడిసిన సీటు సంగతి నీ పెళ్ళానికి చెప్తాను."

హోబర్ట్ సొరుగు తెరిచాడు. గుండీ ఉన్న ఒర ఇచ్చాడు. మొదటే నిజం చెప్పుంటే మొదటే ఇచ్చేవాడు.

ఆ శరదృతువులో ఎండు ఆపిల్ దొంతరకేకు ఒకటి ఆర్విల్ ఇంటి మెట్టు మీదకి చేరింది. అయినా డెల్ఫీ డెల్ఫీయే. కింది వాలులో మిగిలిన పళ్ళన్నీ కోసి, ఆవు కాదు కదా మేక కూడా ఎక్కలేని మరో కొండకి మోసుకెళ్ళి నాటింది. ముందుచూపు తనకి పుట్టుకతో వచ్చిందని మురిసిపోతూ, ఊరు చుట్టి ఇంటికి వస్తుంటే, ఆర్విల్ కుర్చీలోంచి పిలిచాడు.

"డెల్ఫీ! బూట్లు తుడుచుకో. ఆ పచ్చమట్టి ఈ లోయలో ఒక్క చోటే ఉంది."

ఆమె ఆగిపోయింది. చెయ్యి దానంతటదే ఒర ఉన్న జేబు మీదికి వెళ్ళింది. ఆర్విల్ చిక్కుళ్ళు వలుస్తూనే ఉన్నాడు, తలెత్తలేదు. ఆ చెయ్యి తీసేసి, రెండో జేబులోంచి చేతిరుమాలు తీసి, వంగి, బూట్లు శుభ్రంగా తుడుచుకుంది.